మద్దమ్మ పాడిన ఆంటీ పాట

మద్దమ్మ నోటికి వాళ్ల ఊళ్లో పేరుండేది. రాజంపేట దగ్గర పల్లె. వీధి కొళాయి దగ్గర బిందెల తగువు మొదలైందంటే ఆమె ఊపిరి తిప్పుకోకుండా, మాటకు మాట ప్రాస కలుపుకుంటూ తిట్టేది. తిట్లు తినేవాళ్లు కూడా ఒక్కోసారి కోపం మరిచిపోయి నవ్వేసేవాళ్లు. అలాంటి మనిషి, పిల్లలు పుట్టలేదని మొగుడు ఇంకొకామెను ఇంటికి తెచ్చుకున్న రోజున మాత్రం ఒక్క మాట అనలేకపోయింది. చీరలు సర్దుకుని అక్క గంగులమ్మ ఇంటికి వెళ్లిపోయింది. మరుసటి ఏడు ఇంటిపని వీసా మీద కువైట్ విమానం ఎక్కింది.

మిష్రిఫ్‌లో పెద్ద ఇల్లు. యజమానురాలిని అక్కడి పనివాళ్లందరిలాగే మద్దమ్మ కూడా మామా, అంటే అమ్మా, అనే పిలిచేది. మామా చెడ్డది కాదు. ఆమెకు ఇల్లు అద్దంలా ఉంటే చాలు. పనివాళ్ల గది మేడ మీద, బట్టలుతికే మిషన్ల పక్కన ఉండేది. ఆ గదిలో మద్దమ్మకు తోడు మారిసెల్ అనే ఫిలిప్పీన్స్ అమ్మాయి. ఇద్దరికీ కలిసిన భాష వంటింటి అరబ్బీ ఒక్కటే. ఆ నాలుగు ముక్కలతోనే నవ్వుకునేవాళ్లు, పోట్లాడుకునేవాళ్లు, ఊరి కబుర్లన్నీ చెప్పుకునేవాళ్లు. మారిసెల్ వయసులో చిన్నది. మద్దమ్మను "ఆతే" అనేది. వాళ్ల భాషలో అక్క అని అర్థం.

మారిసెల్ పిన్ని కొడుకు ఒకడు కాలిఫోర్నియాలో పుట్టి పెరిగాడు. తన పడకగదిలో కిటికీకి దుప్పటి కట్టుకుని ర్యాప్ పాటలు రికార్డు చేసేవాడు. మొదట్లో ఇంట్లోవాళ్లే వినేవాళ్లు కాదట. తర్వాత అక్కడి రేడియోల్లో వచ్చాయి, వేలమంది ముందు పాడాడు. మారిసెల్‌కు వాడంటే ప్రాణం. వాడు పంపిన తాళాల, అంటే బీట్ల, మీద తను కూడా తన భాషలో ఏదో ఒకటి ఫోన్‌లోకి పాడుకునేది.

ఒక మధ్యాహ్నం మద్దమ్మ ఫోన్‌లో ఎవరినో చెడామడా తిడుతోంది. ఊళ్లో తన వాటా స్థలంలో ఎవరో కట్టెలు పేర్చారట. మారిసెల్ పక్క మీద పడుకుని విన్నంతసేపు విని, మెల్లగా తన ఫోన్‌లో ఒక తాళం పెట్టింది. తిట్టు తిట్టుకీ దెబ్బ సరిగ్గా పడింది. మద్దమ్మ తిట్టడం ఆపి ఆమె వైపు తిరిగింది.

"ఆపొద్దు ఆతే! ర్యాప్ అంటే ఇదే!" అని మారిసెల్ మంచం మీదే గెంతింది.

అలా మొదలైంది. మామా కుటుంబం మధ్యాహ్నం నిద్రపోయే వేళ ఇద్దరూ గది తలుపు మూసేవాళ్లు. ఏసీ రొద ఫోన్‌లో పడుతుందని దాన్ని ఆపేసేవాళ్లు. కువైట్ ఆగస్టులో ఏసీ ఆపిన గదిలో, బట్టల అలమరలోకి తల దూర్చి, చెమటలు కారుతుంటే మద్దమ్మ పాడేది. గిన్నెల మీద పాడింది, ఇస్త్రీ మీద పాడింది, ఇఖామా అనే అక్కడి నివాస పర్మిట్ రెన్యువల్ కోసం ఏడిపించిన ఏజెంటు మీద పాడింది. ఫహాహీల్‌లో మొబైల్ షాపులో పనిచేసే రామాంజనేయులు అనే కడప కుర్రవాడు ఆ పాటలను యూట్యూబ్‌లో పెట్టేవాడు. జనం విని నవ్వుకున్నారు, అంతే. మర్నాటికి మరిచిపోయారు.

ఆ చలికాలంలో ఒకరోజు మారిసెల్ ఊరికి వీడియో కాల్ చేసి, ఫోన్ పక్కన పడేసి గోడవైపు తిరిగి పడుకుంది. మద్దమ్మ పక్కన కూర్చుని మళ్లీ మళ్లీ అడిగింది. చివరికి చెప్పింది. తన కొడుకును పాలు మాన్పించిన ఏడే తల్లి దగ్గర వదిలి వచ్చింది. వాడు ఇప్పుడు బడికి పోతున్నాడు. ఇవాళ ఫోన్ ఎత్తి, తెర మీద ఆమెను చూసి, వెనక్కి తిరిగి, "అమ్మా, ఎవరో ఆంటీ ఫోన్ చేసింది" అని అమ్మమ్మకు ఇచ్చేశాడు.

"ఎవరికీ చెప్పకు ఆతే. మా ఆయనకు కూడా చెప్పలేదు."

మద్దమ్మ ఆమె వీపు నిమిరింది. ఎవరికీ చెప్పనంది. ఆ మాట అన్నప్పుడు మనసులో ఏ కల్మషమూ లేదు.

కానీ ఆ మాట ఆమెను వదల్లేదు. అంట్లు తోముతున్నా, నేల తుడుస్తున్నా "ఆంటీ" అన్న మాటే తాళం వేస్తూ ఉండేది. నాలుగు వరుసలు వాటంతట అవే కట్టుకున్నాయి.

ఫోనెత్తినాడు నా బిడ్డ, హలో అన్నాడు
ఎవరు మాట్లాడేదని నన్నే అడిగినాడు
పెంచిన ముసలమ్మనేమో అమ్మా అన్నాడు
కన్న నన్ను చూసి ఆంటీ అన్నాడు

ముందు "నీ బిడ్డ" అనే కట్టింది. పాడి చూస్తే ఎవరికో జాలి చెబుతున్నట్టు చప్పగా ఉంది. "నా బిడ్డ" అని మార్చగానే గొంతు దానంతటదే వణికింది. బిడ్డ లేని గొంతు అలా ఎందుకు వణికిందో ఆమెకే అర్థం కాలేదు. ఒక్క అక్షరమే కదా అనుకుంది.

రికార్డు చేసేటప్పుడు తాళం పెట్టింది మారిసెలే. గబగబా సాగిన తెలుగులో ఆమెకు ఒక్క మాటా విడిగా తెలియలేదు. అయ్యాక, "బాగుంది ఆతే, దేని గురించి?" అని అడిగింది.

"సముద్రం," అంది మద్దమ్మ.

ఆ పాట కువైట్‌లో పాకింది, దుబాయ్ వెళ్లింది, మస్కట్ వెళ్లింది. వంటింట్లో ఫోన్లు గోడకు ఆనించి పెట్టుకుని ఆడవాళ్లు విన్నారు. జహ్రాలో ఇంటి డ్రైవర్లు కార్లలో పెట్టుకున్నారు. ఊళ్లల్లో పిల్లలను పెంచుతున్న అవ్వలకు ఎవరో వినిపిస్తే వాళ్లూ ఏడ్చారట. రామాంజనేయులు ఫోన్ చేసి, "మద్దక్కా, నువ్వు యాడికో పోతాండావు, నీకు తెలీటంల్యా!" అని అరిచాడు. ఒక శుక్రవారం షాపులో కుర్చీ వేసి, వెనక రంగు దీపాలు పెట్టి ఇంటర్వ్యూ తీశాడు.

"అక్కా, నీ పిల్లోని పేరేంది?"

మద్దమ్మ ఇటు చూసింది, అటు చూసింది. కెమెరా వెనక నిలబడి ఇద్దరు ఆడవాళ్లు అప్పటికే కళ్లు తుడుచుకుంటున్నారు.

"శేషు," అంది.

"ఏం చదువుతాండాడు?"

"మూడో క్లాసు. లెక్కలు బాగా చేస్తాడంట."

తర్వాత వారాల తరబడి ఆమెను కాల్చింది ఆ అబద్ధం చెప్పడం కాదు. చెప్పినప్పుడు ఎంత తియ్యగా ఉందో, అది. షాపు నుంచి బస్సులో తిరిగి వస్తూ శేషు ఎలా ఉంటాడో ఆలోచించింది. చామనఛాయ, తనలాగే పెద్ద నోరు. మిష్రిఫ్ స్టాపు దాటిపోయిన సంగతి కూడా గమనించలేదు. గమనించాక దిగి వెనక్కి నడిచింది. ఎవరి బిడ్డనో సంతలో నుంచి ఎత్తుకొచ్చినట్టు అనిపించింది.

గంగులమ్మ ఫోన్ చేసింది. "ఏమే మద్దీ, శేషు ఎవురే?"

"పాట కోసరం చెప్పినా లేక్కా. ఊర్లో ఎవురితోనూ అనొద్దు."

"నేను అనను గానీ," అంది గంగులమ్మ. "వీడియోలో నీ మొగం చూసినా. నువ్వు గూడా నమ్మేసినట్టుండావే?"

మద్దమ్మ ఫోన్ పెట్టేసింది.

ఆ ఏడు తెలుగువాళ్ల సంఘం ఒకటి ఫహాహీల్‌లో హాలు తీసుకుని పండగ జరిపింది. మద్దమ్మను పాడమన్నారు. తోడుకు పక్కింట్లో పనిచేసే సిల్వియాను తీసుకెళ్లింది. సిల్వియాది నరసాపురం వైపు. చర్చి మనిషి, మిషన్ బడిలో చదివింది, ఇంగ్లీషు బాగా వచ్చు. మద్దమ్మ స్టేజీ ఎక్కి నోరు తెరిచేలోపే జనమే పాట ఎత్తుకున్నారు. "కన్న నన్ను చూసి" దగ్గర హాలంతా ఒక్క గొంతైంది. దిగగానే ఆడవాళ్లు చుట్టుముట్టారు. కౌగలించుకున్నారు. ఒకామె చాక్లెట్ డబ్బా, ఒకామె చొక్కా, ఒకామె కొత్త బూట్ల జత చేతిలో పెట్టారు.

"శేషుకు ఇయ్యమ్మా. నా కొడుకుదీ అదే వయసు. వాని కొలతకే కొన్నా," అంది బూట్లు తెచ్చినామె. ఏడేళ్లుగా ఊరికి పోలేదట.

వద్దని చెప్పడానికి మద్దమ్మ దగ్గర ఒక్కటే కారణం ఉంది. అది చెప్పలేక పుచ్చుకుంది.

సంచులు మోయడానికి సిల్వియా గది దాకా వచ్చింది. మారిసెల్ బట్టలు మడతపెడుతోంది. చొక్కా తీసి చూసి, బూట్లు చూసి, ఎవరికని సిల్వియాను ఇంగ్లీషులో అడిగింది. మద్దమ్మ నోరు తెరిచేలోపే సిల్వియా అందుకుంది.

"వాళ్ల బాబుకండీ! ఆ పాట విని అందరూ ఇచ్చారు. మీరే కదండీ మ్యూజిక్ పెట్టింది? అర్థం తెలీదా మీకు? అయ్యో, ఉండండి చెప్తాను."

పొగుడుతున్నాననుకుంటూ, ఫోన్‌లో పాట పెట్టి, ఒక్కో వరుస దగ్గర ఆపి ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోయింది. మద్దమ్మ కిటికీ దగ్గర నిలబడింది. ఆపమని అరవాలనిపించింది. ఊరంతా భయపడిన ఆ నోరు మళ్లీ మూతబడిపోయింది. "ఆంటీ" అన్న మాటకు అనువాదం అక్కర్లేకపోయింది. మారిసెల్ చేతిలోని మడత అలాగే ఆగిపోయింది.

సిల్వియా వెళ్లాక మారిసెల్ మద్దమ్మ వైపు తిరిగింది. "సముద్రం అన్నావు."

"తప్పయింది, మారీ."

"నీకెందుకు చెప్పానో తెలుసా? నీకు పిల్లలు లేరు కాబట్టి. పిల్లలున్నవాళ్లయితే నన్ను చెడ్డ తల్లి అనుకుంటారని భయం. నువ్వు అనుకోవులే అనుకున్నాను."

అరవలేదు. చొక్కా మడత పూర్తి చేసి సంచిలో పెట్టింది. "నా పేరు మాత్రం ఎక్కడా చెప్పకు, మద్దమ్మా. మా ఊళ్లో తెలిస్తే నేను తలెత్తుకోలేను," అంది. ఆతే అనలేదు. ఆ తర్వాత ఎప్పుడూ అనలేదు.

మద్దమ్మ రామాంజనేయులుతో పాట తీసేయమంది. "నేను తీసినా ఏం లాభమక్కా? అందరి ఫోన్లలోనూ ఉంది," అన్నాడు వాడు. అప్పుడు తనే ఫోన్ ఎదురుగా పెట్టుకుని, తాళం లేకుండా మాట్లాడింది: "నాకు బిడ్డల్లేరు. శేషు అనేవాడు ల్యాడు. ఆ పాటలో ఉండేది ఇంగొకామె కడుపుకోత. ఆమెను అడక్కుండా ఎత్తుకున్నా. మీరిచ్చినవి రామాంజనేయులు షాపులో పెట్టినా, ఎవురివి వాళ్లు తీసకపోండి." మారిసెల్ పేరు చెప్పలేదు. దానితో నిజం కూడా సగమే అయింది.

జనం ఊరుకుంటారా? దొంగ అన్నారు, గొడ్రాలు అన్నారు, పేరు కోసం కన్నీళ్లు అమ్ముకుందన్నారు. రాజంపేటలో ఆమె పాత మొగుడు టీకొట్టు దగ్గర ఆ వీడియో పెట్టించుకుని నవ్వాడని తెలిసింది. అవన్నీ ఆమె తట్టుకుంది. బూట్లు ఇచ్చినామె షాపుకు వచ్చి, ఒక్క మాటా అనకుండా తీసుకుని వెళ్లిపోయిందని విన్నప్పుడు మాత్రం బట్టల మిషన్ల గదిలోకి పోయి కూర్చుంది.

విచిత్రమేమిటంటే, పేరు తగ్గలేదు. తిట్టడానికి వచ్చినవాళ్లు కూడా పాట విన్నారు. ఏడాది తిరిగేసరికి హైదరాబాద్ నుంచి సినిమావాళ్లు ఫోన్ చేసి, గయ్యాళి పాత్రకు ఒక పాట పాడమన్నారు. మామా సెలవిచ్చింది, విమానాశ్రయానికి తన కారే పంపింది. అప్పటికి మారిసెల్ ఒప్పందం ముగిసి తన దేశం వెళ్లిపోయింది. వెళ్లే రోజున మద్దమ్మ గుమ్మం దాకా పెట్టె మోసింది. మారిసెల్ థాంక్యూ అంది. బయటివాళ్లతో అన్నంత మర్యాదగా అంది.

సినిమా ఆడలేదు, పాట మాత్రం పెళ్లి ఊరేగింపుల్లో మోగింది. మద్దమ్మ ఇంటిపని మానేసి, పేరున్న పాటగాళ్ల పక్కన పాడుతూ నాలుగు దేశాలు తిరిగింది. "గొడ్రాలు" అన్న తిట్టునే పల్లవిగా పెట్టి, తన పెళ్లి గురించీ ఆ రోజు నోరు పెగలకపోవడం గురించీ ఒక పాట కట్టింది. అది పూర్తిగా తనదే. ఆమె కట్టినవాటిలో మంచిదని తెలిసినవాళ్లు అంటారు. కానీ ఎక్కడికెళ్లినా జనం అడిగేది మాత్రం ఆంటీ పాటే.

2018లో కువైట్‌లో మళ్లీ పాడటానికి వచ్చింది. ముందు వరుసలోంచి ఒక పెద్దావిడ లేచి, "అమ్మా, ఆ ఒక్క పాటా పాడు తల్లీ, నా మనవడికి వినిపించాలి," అని ఫోన్ పైకెత్తింది.

"అది నాది కాదవ్వా, పాడలేను," అంది మద్దమ్మ.

అది ఆమె వినయం అనుకుని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగేదాకా మద్దమ్మ తల దించుకునే నిలబడింది. తర్వాత మైకు సరిచేసుకుని, గొడ్రాలు పాట మొదలుపెట్టింది.