టోర్స్టెన్ పట్టిన నిశ్శబ్దం

స్వీడన్ పల్లెల్లోని రాతి చర్చిల్లో వయొలిన్లూ ఆర్గన్లూ రికార్డు చేసి, భార్యాభర్తలు గున్వోర్, టోర్స్టెన్ సొంతంగా డిస్కులు వేసేవాళ్లు. వాద్యం ఆగాక టోర్స్టెన్ ఎవరినీ కదలనిచ్చేవాడు కాదు. ఆ చర్చి నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేసి, డిస్కులో సంగీతం ఆగిన చోటల్లా అదే పెట్టేవాడు.

ఆయన పోయాక, ఆ పాత డిస్కుల్ని ఇంటర్నెట్‌లో పెడతామన్న కంపెనీకి గున్వోర్ సరేనంది. వాళ్లు పంపిన మొదటిది వినగానే ఆమెకు ఒళ్లు మండిపోయింది. సంగీతం ఆగిన చోట చెవుల్లో దూది కుక్కినట్టుంది. వెంటనే ఫోన్ చేసింది.

"అక్కడ సన్నగా హోరుందండీ, శుభ్రం చేశాం," అన్నాడు మేనేజరు.

"శుభ్రం, మీ మొహం. ఎవరు చెయ్యమన్నారు?"

"నిశ్శబ్దమేగా గున్వోర్ గారూ, తేడా ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది. మైకు పక్కన ఊపిరి బిగబట్టి, ఇక ఆపలేక మెల్లగా వదిలేవాడు మా ఆయన. ఊళ్లోవాళ్లందరి సంగీతం రికార్డు చేశాం గానీ, ఆయన మాట ఒక్కటైనా రికార్డు చేసుకోవాలని మాకు తోచలేదు. నాకు మిగిలింది ఆ ఊపిరే. మీరు చెత్త అని ఊడ్చేసింది దాన్నే."