మెరుపుదళానికి దక్కిన బీరువా

పదవీ విరమణకు మూడేళ్ల ముందు నన్ను కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లోని ఒక శాఖా గ్రంథాలయానికి గ్రంథపాలకురాలిగా బదిలీ చేశారు. ఇక్కడ చెప్పబోయే సంగతి ఆ మూడేళ్లలో ఆఖరి ఏడాది ఆగస్టులో మొదలై అక్టోబరులో ముగిసింది. శాఖ పేరు చెప్పను. తప్పు చేసింది శాఖ కాదు, అందులో కుర్చీ వేసుకుని కూర్చున్న నేను.

ఆ వానలకు చదువరుల గది పైకప్పు కారి సగం గది మూసేశాం. తెలుగు విభాగానికి ఇకమీద నాలుగు బీరువాలు కాదు, ఒక్కటే అని పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇందులో నాకు అన్యాయం ఏమీ కనిపించలేదు. గనుల్లో పనికి చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు ఆ ఊళ్లో వీధి వీధికీ ఉన్నాయి, కానీ వాళ్ల పిల్లలు కన్నడం, తమిళం, ఇంగ్లీషు బడుల్లో చదువుకున్నారు. తెలుగులో గంటలకొద్దీ మాట్లాడతారు. తెలుగు పేజీ చేతికిస్తే కళ్లద్దాలు మరిచిపోయి వచ్చామంటారు.

నాలుగు బీరువాలను ఒకటి చేయడానికి మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది, దాన్ని తొలగింపు అంటాం. ప్రతి పుస్తకానికీ వెనక అట్ట లోపల ఒక గడువు చీటీ అంటించి ఉంటుంది. పుస్తకాన్ని ఇంటికి ఇచ్చినప్పుడల్లా తిరిగి ఇవ్వవలసిన తేదీని దాని మీద ముద్ర కొడతాం. గత మూడేళ్లలో ముద్ర పడిన పుస్తకానికి చోటు ఇవ్వాల్సిందే. పడనివాటిలో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది గ్రంథపాలకుల విచక్షణ. తీసేసినదాని మీద రద్దు ముద్ర వేసి, చేర్పు రిజిస్టరులో దాని నంబరును ఎర్రసిరాతో కొట్టేసి, కట్టలు కట్టి కాగితం మిల్లుకు పంపిస్తాం. రద్దయిన పుస్తకాన్ని ఎవరికీ ఊరికే ఇవ్వకూడదు.

మాకు మిగిలిన బీరువాకు నాలుగు అరలు. ఒకటి నిఘంటువులకూ పురాణాలకూ పోతుంది, వాటిని తొలగించకూడదు. ముద్రలున్న పుస్తకాలన్నీ కలిపితే ఇంకొకటి నిండుతుంది. మిగతా రెండు అరలూ నా ఇష్టం.

అప్పుడు జనార్దన్ వచ్చాడు. గనిలో ఓవర్‌మన్‌గా, అంటే ఒక భాగానికి పై మేస్త్రీగా చేసినాయన కొడుకు. బెంగళూరులో ఏదో కంపెనీలో చేసి రిటైరయ్యాడు. చిన్నప్పుడు మెరుపుదళం పుస్తకాలు చదువుకున్న వాళ్లందరితో ఫోనులో ఒక గుంపు నడుపుతున్నాడు. మెరుపుదళం అంటే ఇరవై నాలుగు భాగాల పిల్లల సాహస కథలు. నాయకుడు జయంత్, తెలివిగల మూర్తి, ఎప్పుడూ తింటూ ఉండే బుజ్జి, వాళ్లతోపాటు సరళ. గనులు మూతపడ్డాక కార్మికుల పఠనాలయం నుంచి ఆ పుస్తకాలు మా శాఖకు వచ్చాయి. భాగానికి మూడేసి ప్రతులు, లావు అట్టలు. వాటి మీద మూడేళ్లలో ఒక్క ముద్ర లేదు.

"మేడం, మా చైల్డ్‌హుడ్ అంతా ఆ బీరువాలోనే ఉండాది. దాన్ని మిల్లుకు పంపిస్తే మేము ఊరుకోము" అన్నాడు జనార్దన్. ఊరుకోక ఏం చేస్తారని అడిగాను. గుంపును తీసుకొస్తామన్నాడు. తీసుకొచ్చాడు కూడా. ఒక మంగళవారం పద్దెనిమిది మంది దిగారు, అందరూ అరవైకి అటూ ఇటూ ఉన్నవాళ్లు. జయంత్ బొమ్మ అచ్చు వేయించిన బనియన్లు తొడుక్కుని వచ్చారు. కొన్ని పొట్టల మీద జయంత్ ముఖం రెండింతలు సాగింది.

తలా ఒక మాట మాట్లాడారు. పద్దెనిమిది మందీ చిన్నప్పుడు జయంత్ కావాలనుకున్నవాళ్లే. జయంత్ ధైర్యం, జయంత్ నాయకత్వం, జీవితంలో తమకు జయంత్ నేర్పిన పాఠాలు. సరే, ఆ జయంత్ బంగారు గని భాగంలో ఏం చేశాడో చెప్పండి అని అడిగాను. ఎవరికీ గుర్తులేదు. చివరిసారి చదివింది ఎప్పుడంటే, ఏడో తరగతిలో అన్నారు.

పుస్తకం తీసి నేనే చదివి వినిపించాను. నలుగురు పిల్లలు పాడుబడిన గనిలోకి తాడు కట్టుకుని దిగుతారు. చేతిలో టార్చిలైటు. లోపల చల్లగా ఉంటుంది, గోడలు పసుపుపచ్చగా మెరుస్తూ ఉంటాయి. జయంత్ పెన్సిలు చెక్కే చాకుతో ఒక బంగారు ముద్దను ఊడబెరికి జేబులో వేసుకుంటాడు. దొంగ వాళ్ల కళ్లలో రాతిపొడి చల్లితే, తుమ్మి నవ్వుకుంటారు.

వింటున్న వాళ్లలో సగం మంది తండ్రులు ఆ రాతిపొడి ఊపిరితిత్తుల్లో నిండి దగ్గి దగ్గి పోయినవాళ్లు. మా గనిలో లోపలికి పోయేకొద్దీ ఒళ్లు కాలిపోయే వేడి. బంగారం గోడ మీద కంటికి కనబడదు, రాయిని పిండి చేసి కడిగితే గాని చిటికెడు తేలదు. ఇవి ఆ ఊళ్లో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. ఆ పుస్తకం రాసినాయన గనిని రైలు కిటికీలోంచి కూడా చూసి ఉండడు. అయినా ఆ పద్దెనిమిది మంది పెద్దమనుషులు కళ్లు తుడుచుకుంటూ విన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

మండడానికి సొంత కారణం కూడా ఉంది. నేను పుట్టింది ఆ ఊళ్లోనే. మా నాయన గనిలో టింబర్‌మన్. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. చిన్నప్పుడు ఇదే భాగాన్ని ఆయనకు చదివి వినిపించాను. ఒక అధ్యాయం విని, "దీపం ఎవురిచ్చిరి వాళ్లకి? టోకెను లేకుండా దీపం ఎట్లిస్తారు?" అన్నాడు. గనిలోకి దిగే ప్రతి మనిషీ ఇత్తడి టోకెను ఇచ్చి దీపం తీసుకోవాలి. ఎవరు లోపల ఉన్నదీ బయటివాళ్లకు తెలిసేది ఆ టోకెను వల్లే. ఆయన అడిగింది సరైన ప్రశ్న. నేను రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

నేను కావాలనుకున్నది సరళ. పెద్దయ్యాక మళ్లీ చూస్తే సరళ చేసే పనులు మూడు. పులిహోర మూటగట్టడం, జయంత్ మోచేతికి కట్టు కట్టడం, దొంగల చేతికి చిక్కడం. ఇరవై నాలుగు భాగాల్లో ఆ పిల్ల ఒక్క తలుపు కూడా సొంతంగా తీయదు. తొమ్మిదేళ్ల వయసులో నేను ఇదా కావాలనుకున్నది అని నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ గదిలో ఆరోజు నిజంగా చదువుకోవడానికి వచ్చిన మనిషి ఒక్కరే ఉన్నారు, వెంకటలక్ష్మమ్మ. బూదికోట పక్క ఊరు. పట్టుపురుగులు పెంచే ఇల్లు. మదనపల్లె వైపు అమ్మమ్మగారి ఊళ్లో ఏడో తరగతి దాకా తెలుగులో చదువుకుందట. మంగళవారం మంగళవారం కూరగాయలు తెచ్చి మార్కెట్టులో ఇచ్చేసి, రెండు గంటల బస్సు దాకా మా గదిలో కూర్చుని చదివేది. అప్పటికి ఏడాదిగా ఆమె చదువుతున్నది నాలుగు భాగాల పెద్ద నవల. మరుదులు కాజేసిన బావి కోసం కోర్టుకెక్కిన రంగమ్మ అనే విధవరాలి కథ. మూడో భాగం చివరికి వచ్చింది. ఆమెకు సభ్యత్వం లేదు, కాబట్టి పుస్తకం ఇంటికి ఇవ్వడానికి వీల్లేదు. మా నియమం ప్రకారం ఊళ్లో నివాసం ఉన్నవాళ్లు ఎవరైనా పూచీ పడాలి, సిబ్బంది పడకూడదు. ఆమెకు ఊళ్లో ఎవరూ లేరు.

జనార్దన్ సరదాగా ఆమె చేతికి కూడా ఒక భాగం ఇచ్చి, చదివి ఎట్లుందో చెప్పమన్నాడు. వాళ్లు ఫొటోలు దిగుతున్నంతసేపూ ఆమె చదివింది. పూర్తిచేసి లేచి చెప్పింది.

"ఈ పిలకాయలకు ఇంట్లో పనుండదా సామీ? గొడ్లకు నీళ్లు పెట్టేదెవురు, పొయ్యి అంటించేదెవురు? ఆ పాప ఒకతే అందురికీ సద్ది కడతా ఉండాది. దొంగ గూడా ఆయమ్మినే ఎత్తకపోతాడు, ఇంగెవురూ దొరకనట్ల."

అందరూ పగలబడి నవ్వి, చప్పట్లు కొట్టి, ఆమెను మధ్యలో నిలబెట్టి ఇంకో ఫొటో తీసుకున్నారు. నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో విన్న సమీక్షల్లో అది మేలైనది. దాన్ని వాళ్లు హాస్యం కింద జమకట్టారు.

ఆ తర్వాత నేను చేసిన పని చెప్పాలి. పుస్తకాలు దక్కించుకునే దారేమిటని జనార్దన్ అడిగితే, ముద్ర పడితే తీసేయడానికి వీల్లేదని చెప్పాను. చెప్పకపోయినా సరిపోయేది. అప్పటిదాకా వాళ్లను లోలోపల తిట్టుకున్న నేనే నోరు జారాను, ఎందుకంటే సరళ కాగితం మిల్లుకు పోవడం నాకూ ఇష్టం లేకపోయింది. పద్దెనిమిది మందీ సభ్యులై, తలా నాలుగు పుస్తకాలు తీసుకున్నారు. డెబ్బై రెండు ప్రతులకూ నా చేత్తో నేనే ముద్ర కొట్టాను. వాళ్లలో ఊళ్లో ఇల్లున్నవాళ్లు ఆరుగురు, మిగతావాళ్లకు వాళ్లే పూచీ పడ్డారు. ఒక్కరిని వెంకటలక్ష్మమ్మకు పూచీ పడమని అడిగితే సరిపోయేది. నాకు తట్టలేదు.

ఆ ముద్రలతో రెండు అరలూ మెరుపుదళానివయ్యాయి. నా విచక్షణకు ఇక చోటు లేదు. సెప్టెంబరులో తొలగింపు జాబితాకు కూర్చున్నాను. బీరువా ముందు నిలబడి ఒక్కొక్క పుస్తకాన్ని చేత్తో తీసి చూసి రాయాలని మాకు నేర్పుతారు. నేను బల్ల దగ్గర కూర్చుని రిజిస్టరు చూసి రాశాను. ముద్ర లేని నవలల్లో వెంకటలక్ష్మమ్మ చదువుతున్న ఆ నాలుగు భాగాలూ ఉన్నాయి. పేరు రాస్తున్నప్పుడు చేయి ఆగలేదు.

ఇక్కడ మా వృత్తిలో బయటివాళ్లకు తెలియని ఒక ఏర్పాటు గురించి చెప్పాలి. చదువరుల గదిలో "చదివిన పుస్తకాన్ని బల్ల మీదే వదిలేయండి" అని బోర్డు ఉంటుంది. అది మర్యాద కోసం పెట్టింది కాదు. గది మూసే ముందు బల్లల మీద మిగిలిన పుస్తకాల నంబర్లు ఒక పుస్తకంలో రాసి, ఆ తర్వాత సర్దుతాం. దాన్ని బల్ల లెక్క అంటాం. ఇంటికి తీసుకుపోకుండా అక్కడే కూర్చుని చదివేవాళ్ల చదువు ఆ లెక్కలోనే కనిపిస్తుంది, తొలగింపులో దాన్నీ ముద్రతో సమానంగా చూడాలి. వెంకటలక్ష్మమ్మ ఏనాడూ పుస్తకాన్ని బల్ల మీద వదల్లేదు. చదువుకున్నదాన్ని అట్లా పడేసి పోవడం ఆమె దృష్టిలో పాపం. కళ్లకద్దుకుని, తీసిన చోటే పెట్టి వెళ్లేది. బోర్డు చూపించి ఒకసారి చెప్పవలసిన బాధ్యత నాది. ఆమె సర్దిపెడుతుంటే మా అటెండరుకు పని తగ్గుతుందని నేను ముచ్చటపడ్డాను. పైగా నేను వచ్చిన రెండో ఏడే బల్ల లెక్క రాయడం మాన్పించాను. రోజుకు పావుగంట ఆదా అయిందని సంబరపడిన తెలివి నాది.

కట్టలు మిల్లు లారీలో పోయాక మూడు వారాల దాకా ఆమె రాలేదు. పట్టుపురుగులు గూడు కట్టే ముందు పెద్ద మేతకు వస్తే ఆ ఇళ్లలో ఆడవాళ్లకు గడప దాటే తీరిక ఉండదు. అక్టోబరు రెండో మంగళవారం వచ్చింది. నేరుగా బీరువా దగ్గరికి పోయి, నాలుగు అరలూ పైనుంచి కిందికి రెండుసార్లు చూసింది. రెండు అరలు ఖాళీగా ఉన్నాయి. మెరుపుదళం ఇంకా ఇళ్లనుంచి తిరిగి రాలేదు. గడువు దాటాక గుర్తుచేస్తూ రెండుసార్లు కార్డులు పంపినా డెబ్బై రెండింటిలో వచ్చినవి పదకొండు. వాటిని అటెండరు ఇంకా పైకి సర్దలేదు. "చదవతానే ఉండాను మేడం, స్లోగా" అన్నాడు జనార్దన్ ఫోనులో. ఇంకొకాయన జయంత్ ఉన్న అట్టను చింపి, అద్దం కట్టించి, హాల్లో తగిలించుకున్నాడట. ఆ ఫొటో నాకే పంపించాడు, మెచ్చుకుంటానని.

ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది. "ఆ నాలుగు బుక్కులు యాడికి మార్చినారమ్మా?"

రద్దు చేసి మిల్లుకు పంపామని చెప్పాను.

"నాలుగూనా?"

నాలుగూ అన్నాను.

"సరేలేమ్మా. మీరు చదివే ఉంటారు గదా. రంగమ్మకు బావి దక్కినాదా లేదా, అదొక్కటి చెప్పేయండి. ఆయమ్మను కోర్టు మెట్ల మింద నిలబెట్టి పోయినాను. పురుగులకు మేతేస్తా ఉన్నా ఇదే యోచన."

చదవలేదు అన్నాను. దక్కిందని ఒక అబద్ధం చెప్పినా సరిపోయేది. అదీ చెప్పలేదు.

"ఇన్ని దినాలు మీ దగ్గిరే ఉండె గదమ్మా" అని, ఖాళీ గంపను చంకన పెట్టుకుని బస్టాండుకు పోయింది. అప్పటికి ఇంకా పన్నెండు కాలేదు.

కోలారు, ముళబాగిలు, శ్రీనివాసపురం శాఖలకు ఫోన్లు చేశాను. ఆ నవల ఎక్కడా లేదు. మూడేళ్లు ఆ నాలుగు భాగాలనూ నా అధీనంలో పెట్టుకుని, చివరి పేజీ కూడా తిప్పి చూడని మనిషిని గ్రంథపాలకురాలు అనవచ్చునా అని ఇప్పటికీ అనుకుంటాను. అనకూడదనే తేలుతుంది.

నేను నేర్చుకున్నది ఒకటే. పుస్తకాన్ని ప్రేమిస్తున్నామని గుంపుగా వచ్చి చెప్పేవాళ్ల మాట రిజిస్టరులో ఎక్కుతుంది, ఊరికే కూర్చుని చదువుకుని పోయేవాళ్లది మనం రాస్తేనే ఎక్కుతుంది. మరుసటి రోజు నుంచి బల్ల లెక్క మళ్లీ మొదలుపెట్టాను. నా సర్వీసులో మిగిలిన ఏడు నెలలూ ఒక్కరోజు తప్పకుండా నేనే రాశాను. వెంకటలక్ష్మమ్మ మళ్లీ రాలేదు. ఆ ఏడు నెలల లెక్కలో తెలుగు పుస్తకం ఒక్కటి కూడా లేదు.