సంగప్పన్న వేటకు తయారైతుండు

మా సంగప్పన్నకు ఈ లోకంల ఒక్కటే పని: తయారుగావుడు. దేనికంటే, సీజన్‌కు. యాసంగి మక్క కంకిల పాలు వడ్డ కాడికెళ్లి కోతలదాక అడివిపందులు చేన్ల మీద వడ్తయి గద, గదే ఆయన సీజన్. విల్లు వట్టి పందిని కొడ్తా అని నాలుగేండ్లకెళ్లి తయారైతనే ఉన్నడు. ఈ నాలుగేండ్లల్ల పందికి ఒక్క వెంట్రుక రాల్లే. అయినా మనిషిని చూస్తే వేట రేపే, ఇయ్యాల ఏదో చిన్న పని మిగిలింది గంతే అన్నట్టుంటడు.

నాది, ఆయనది ఒక్కటే ఊరు, ఒక్కటే కంపెనీ, ఒక్కటే బస్సు. రుద్రారం రోడ్డుకు రెండు కిలోమీటర్ల లోపట మా ఊరు. గడ్డపోతారంల ఒక మందుల కంపెనీల ఆయన బాయిలర్ చూస్తడు, నేను స్టోర్‌ల లెక్క రాస్త. ఆయన గురించి చెప్పే హక్కు నాకంటే సత్తెమ్మ వదినకే ఎక్కువున్నది గని, ఆమె చెప్పదు, తిడ్తది.

ముందుగాల విల్లు సంగతి. సంగారెడ్డి పోయి పదకొండు వెదురు బొంగులు తెచ్చి, నీడకు ఆరవెట్టి, ఆముదం రాసి, వారానికోసారి ఒక్కొక్కదాన్ని చెవి కాడ వెట్టుకొని తట్టి వింటడు.

"ఏమంటుందన్నా?"

"ఇంకా పచ్చిగున్న అంటుంది. తొందర వెట్టొద్దు చంద్రకాంతూ. వంగుడు అన్నిటికి వస్తది, వంగి మల్ల లేసుడు నేర్సుకోవాలె."

గా మాట అనేటప్పుడు ఆయన కండ్లు ఎటో పోతయి. నాకు గూడ జెరసేపు యాడనో అడివిల ఆకుల మీద నడుస్తున్నట్టనిపిస్తది. గంతల్నే కోడి అరుస్తది. బాణాలకు ఈకలు గావాలె గద మరి. ఆయన గేటు తీసిన సప్పుడుకే వదిన కోళ్లన్ని గోడెక్కుతయి.

"మీ బాణాలకు తోకలొచ్చినయి, నా కోళ్లకు వోయినయి," అన్నది వదిన.

"రాలినయే ఏరిన సత్తెమ్మా."

"మీరు ఎంటవడి ఉరికిస్తే రాలవా!"

గోనెసంచిల గడ్డి కుక్కి, దాని మీద సున్నంతోని పంది బొమ్మ గీసి పెరట్ల నిలవెట్టిండు. ఒకనాడు మా షిఫ్ట్ ఇన్‌చార్జి శ్రావణ్‌కుమార్ సార్ పెండ్లి కార్డు ఇయ్యనీకి వచ్చిండు. బొమ్మ ముఖం మీద నాలుగు బాణాలు. సార్ కార్డు చేతిలనే వట్టుకొని నిలవడ్డడు.

"సంగప్పా, ఇదెవరు?"

"అడివిపంది సార్."

"మీసాలున్నయి గదా."

"అవి కోరలు సార్."

సార్ ఒకసారి మీసం తడుముకొని మెల్లగ ఎల్లిపోయిండు. ఆ నెలంత సంగప్పన్న అడిగిన సెలవల్ల ఒక్కటి గూడ కాదనలే.

మజాక్ గాదు, ఇరవై అడుగుల కాడికెళ్లి బొమ్మ కంటిల చుక్కను కొడ్తడు మనిషి. నా కండ్లార చూసిన.

ఇగ ఒంటి తయారీ. సగం యూరియా బస్త భుజాన ఏసుకొని పొద్దున ఇంటి సుట్టు ఉరుకుతడు. బస్సుల సీటు ఖాళీ ఉన్నా కూసోడు, ఒంటి కాలు మీద నిలవడ్తడు. మంచె మీద గంటలు గంటలు కదలకుండ ఉండాలెనట. సీజన్ పదిహేను రోజులుందనంగ సబ్బు బంద్.

"మన కంపెనీ వాసన పందికి కిలోమీటర్ దూరంకెళ్లి తెలుస్తది," అని ఒంటికి చేను మట్టి రాసుకుంటడు. పందుల సంగతి నాకు తెల్వదు గని, బస్సుల జనానికైతే బాగ తెలిసింది. ముగ్గురు కూసునే సీటు ఆయన కోసమని ఇడిశిపెట్టి, వెనక ఎనమండుగురు ఒకరి మీద ఒకరు వడి వచ్చేటోళ్లు. ఆయనేమో ఆ ఖాళీ సీటు పక్కన్నే ఒంటి కాలు మీద!

"పర్మిషన్ లేకుండ పందిని కొడితే జైలే అన్నా," అన్న ఒకసారి.

"అర్జీ రాసిన. వస్తది. గది వచ్చెటాళ్లకు మనం తయారుండాలె గద."

సీజన్ మొదలైన రోజు ఊర్ల ఇంటింటికి పోయి చెప్తడు. "నేను వేటకు తిరుగుతున్న. ఏ చేన్లకు వస్తనో, ఏ యాళ్లకు వస్తనో చెప్ప. చెప్తే పందికి తెలుస్తది."

"పందికి నేను పోయి చెప్తనా ఏంది?" అని మల్లమ్మ పెద్దమ్మ నవ్వేది. ఆమెకు ఒక్కతే ఎకరం మక్క, ఊరి చివర్ల. భర్త లేడు, పిల్లలు లేరు. ఆ ఎకరమే ఆమె తిండి, ఆమె బట్ట, ఆమె మందులు.

పోయినేడు ఆయనెంట నేను గూడ ఒక్క పొద్దున పోయిన. మంచు దట్టంగ వడుతుండె. దూరంగ కంపెనీల లైట్లు ఆ మంచుల మెత్తగ కరిగిపోతున్నయి. మక్క ఆకుల మీదికెళ్లి నీటి సుక్కలు ఒక్కొక్కటి రాలుతుంటే ఆ సప్పుడు గూడ వినవస్తుండె. అప్పుడు చేన్లకెళ్లి ఒక ఆడపంది మెల్లగ బయటికొచ్చింది. దాని ఎంట ఆరు పిల్లలు, ఒంటి మీద చారలతోని. మాకు పది అడుగుల దూరంల నిలవడి ముక్కు పైకెత్తింది. సంగప్పన్న బాణం ఎక్కువెట్టి విల్లు గుంజిండు. నేను ఊపిరి బిగవట్టిన. గుంజి గట్లనే నిలవడ్డడు, నిలవడ్డడు. ఆఖరికి ఖళ్ళుమని దగ్గిండు! ఊరంత లేశెటట్టు దగ్గిండు! పందులు ఒక్క దుంకు దుంకి మాయమైనయి.

"ఏందన్నా గిది?"

"మోకాలు ఇంకా తయారు గాలె," అని విల్లు దించి, పందులు పోయిన దిక్కే నవ్వుకుంట చూసిండు.

గా మోకాలే ఈ ఏడు కొంప ముంచింది. యూరియా బస్తతోని ఉరుకుతుంటే జారి వడి కాలు విరిగింది. పట్టి కట్టి నెల రోజులు మంచం దిగొద్దన్నరు. సంగప్పన్న పండుకున్నడని ఊరంత తెలిసింది, పందులకు గూడ తెలిసినట్టుంది. పదిరోజులల్ల మల్లమ్మ పెద్దమ్మ చేన్ల నాలుగు సాళ్లు నేలమట్టం జేసినయి. నేను ఆయనను చూడ పోయి ముచ్చట్ల ముచ్చటగ చెప్పిన.

"పెద్దమ్మ సదాశివపేట పోయి తీగ కొనుక్కొచ్చిందన్నా. ఇయ్యాల చేను సుట్టు కట్టి, మోటరు కాడికెళ్లి కరెంటు ఇస్తదట."

సంగప్పన్న లేసి కూసున్నడు. ముఖం తెల్లవోయింది.

"నువ్వు పో. ఇప్పుడే విల్లు భుజాన ఏసుకొని ఊరంత తిరుగు. అందరు సూడాలె. రేపు మబ్బుల, తెల్లారకముందే, నేను వేటకు తిరుగుతా అని పెద్దమ్మకు ముఖం మీద చెప్పు."

"నాకు బాణం కొట్టుడు రాదు గదన్నా!"

"కొట్టుడు ఎవనికి గావాల్రా? తిరుగుడు గావాలె!"

గప్పుడు చెప్పిండు అసలు ముచ్చట. మా ఊర్ల కిరాయికుండే బిహార్ పిలగాండ్లు పొద్దుగాల షిఫ్టుకు రోడ్డెక్కనీకి చేన్ల గెట్ల మీదికెళ్లే అడ్డంవడి పోతరు. ఐదేండ్ల కింద పక్కూర్ల గిట్లనే పందులకని కట్టిన తీగ తగిలి ఒక పిలగాడు పాణం ఇడిశిండు. ఆ పిలగాడు సంగప్పన్న కిందనే బాయిలర్ పని నేర్చుకునేటోడట.

"తీగ కట్టొద్దని పంచాయితీల లేసి చెప్పిన. ఎవడు విన్నడు? మంచి మాట చెప్పినోన్ని ఎవడు పట్టించుకోడు చంద్రకాంతూ. అదే ఒక పిచ్చోడు మబ్బుల చేన్ల వడి తిరుగుతుండంటే, వాడు సస్తే కేసు మన మీదికొస్తదని అందరు భయపడి తీగ కట్టరు."

"మరి అర్జీ?" అన్న.

"రాయనే లేదు. పర్మిషన్ ఇస్తే కొట్టాల్సొస్తది గద," అన్నడు సిగ్గువడుకుంట.

నేను విల్లు ఏసుకొని పోయి పెద్దమ్మకు చెప్పిన. ఆమె నన్ను కిందికెళ్లి మీదిదాక చూసింది.

"నువ్వా? కుక్క మొరిగితే నా అరుగెక్కేటోనివి, నువ్వు వేటకొస్తవా? పో బిడ్డా, ఇంటికి పోయి పండుకో."

ఇగ ఆ రాత్రి నాకు నిద్రెక్కడిది? మబ్బులనే లేసి, కంపెనీ గంబూట్లు తొడిగి, రబ్బరు గ్లౌజులు ఏసుకొని, విల్లు వట్టి బయలెల్లిన. మంచుల మూరెడు దూరం కనవడ్తలేదు. తీగ కట్టిందో లేదో తెల్వదు. ఒక్కొక్క అడుగు నేలను అడిగి అడిగి ఏస్తున్న. గంతల్నే వెనకకెళ్లి పిలగాండ్ల మాటలు, నవ్వులు వినవడ్డయి. వాళ్లు రానే వస్తున్నరు! ఇగ అడుగులు చూసుకునుడు ఇడిశిపెట్టి "పెద్దమ్మా!" అని ఒర్లుకుంట ఉరికిన.

"సచ్చినోడా, మక్క తొక్కకు!"

పెద్దమ్మ గెట్టు మీద గొంగడి కప్పుకొని కూసున్నది. తీగ సుట్ట సుట్టనే ఆమె పక్కన్నే ఉన్నది. ఇప్పనే లేదు.

"కట్టలేదా?"

"నిజంగనే వస్తవేమో అని కట్టలే. రావేమో, పందులొస్తయేమో అని ఇంటికి పోలే. మీరిద్దరు గలిసి నా పాణం తీస్తున్నరు."

మంచులకెళ్లి ఐదుగురు పిలగాండ్లు టిఫిన్ డబ్బలు వట్టుకొని ఒకని ఎనక ఒకడు వచ్చిన్రు. పెద్దమ్మ వాళ్లను చూసి బీరిపోయింది.

"వీళ్లు రోజు గిట్లనే పోతరా?"

"రోజూ పోతరు పెద్దమ్మా."

ఆమె గొంగడి గుంజి తీగ సుట్ట మీద కప్పింది. ముందటి పిలగాడు నా గంబూట్లు, గ్లౌజులు, విల్లు చూసి ఆగిండు.

"భయ్యా, షూటింగ్ చల్ రహీ హై క్యా?"

నాకంటే ముందు పెద్దమ్మే అందుకున్నది. "అవు బిడ్డా, షూటింగే. వీడు హీరో. మీరు గెట్టు మీదనే నడువుర్రి, జెర పైలం."

వాళ్లకు ఏం సమజైందో ఏమో, నవ్వుకుంట నాకు సలాం కొట్టి మంచుల కలిసిపోయిన్రు. వాళ్ల మాటలు వినరానంత దూరం పోయెదాక పెద్దమ్మ గట్లనే చూసింది. గా ఎనక కొంగుతోని ముక్కు తుడుసుకొని లేసింది.

"ఈ తీగకు పాత చీరెలు కట్టి సుట్టు లాగుదాం. గాలికి ఊగితే పందులు బెదురుతయి. నువ్వు ఆ కొస వట్టుకో. పోయేటప్పుడు నాలుగు కంకులు గూడ ఇరుసుకపోయి సంగప్పకియ్యి, కాల్చుకొని తింటడు. మంచివి సూసి ఇరువు, పందులు కొరికినయి గాదు."

నేను గ్లౌజులు ఇప్పి జేబుల వెట్టుకొని తీగ కొస వట్టుకున్న.