నైజెల్ జేబులోని ఎనిమిది వాక్యాలు

మా నెస్‌విక్ ఊళ్ళో జూలై నెలలో ఉన్ని స్వెటరు వేసుకునే మనిషి ఒక్కడే, నైజెల్. యాత్రికుల ఓడ వచ్చిన రోజున ఛాతీ మీద నలుపూ తెలుపూ నక్షత్రాల అల్లికతో, చెమటలు కారుతూ రేవులో నిలబడి, "మా ఊరికి రండి, రండి" అంటాడు ఇంగ్లీషులో. మా ఊరట! పక్కనే పడవలోంచి చేపలు దించుకుంటున్న హల్వార్, తాతముత్తాతల నాటి నుంచీ ఆ రేవునే నమ్ముకున్నవాడు, బుట్ట చంకన పెట్టుకుని పక్కకు తప్పుకుంటాడు.

సాటి మనిషిని చులకన చేయడం పాపమని నాకు తెలుసు. ప్రతి ఆదివారం క్షమించమని దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను. సోమవారం పొద్దున్నే అతను కొట్లో మళ్ళీ ఎదురవుతాడు.

నా పేరు బోర్గిల్. నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో పెళ్ళిళ్ళకూ బాప్తిస్మాలకూ అంత్యక్రియల కాఫీలకూ వంట చేస్తున్నాను. చదివింది మా పల్లె బడిలో, రెండే గదులు. అక్కడ నాకు ఇంగ్లీషు అంటలేదు. నైజెల్ వచ్చాక అంటింది. మాకు నేర్పాలని అతను అనుకున్నదేమీ లేదు, అతను మాది నేర్చుకోలేదంతే.

పదహారేళ్ళ కిందట మా ఇంగేబోర్ కూతురు, హల్వార్ అక్క మాగ్నిని పెళ్ళి చేసుకుని ఇంగ్లండు నుంచి వచ్చాడు. మునిసిపాలిటీ వాళ్ళు పెట్టిన సాయంత్రపు బడికి మూడు వారాలు వెళ్ళాడు. పాఠం చెప్పే పద్ధతి పాతదని మానేశాడు. అదే బెంచీ మీద కూర్చున్న ఎరిత్రియా అమ్మాయి అబ్రెహెత్, ముగ్గురు పిల్లల్ని సాకుతూ, వృద్ధాశ్రమంలో నేల తుడుస్తూ, రెండేళ్ళు తిరక్కుండా మా యాసలో హల్వార్‌ని ఏడిపించే దాకా వచ్చింది. "ఏం హల్వారూ, చేపలు నిన్ను చూసి పారిపోయాయా, నీ పాట విని పారిపోయాయా?" అంటుంది. నైజెల్‌కి వచ్చిన మాట 'తక్' ఒక్కటే. ధన్యవాదమని. దాన్నే అందరి మీదా పన్నీరులా చిలకరిస్తూ తిరుగుతాడు.

ఇంటర్నెట్‌లో అతనికో పేజీ కూడా ఉంది. మా దేశానికి వచ్చి ఉండాలనుకునే ఇంగ్లీషువాళ్ళకు సలహాలు. నా చెల్లెలి కూతురు చదివి వినిపించింది. మొదటి సలహా, "భాష గురించి బెంగ వద్దు. అందరికీ ఇంగ్లీషు వచ్చు, మాట్లాడటం వాళ్ళకు సరదా." రెండో సలహా, "ఇక్కడివాళ్ళు ముభావులు. ఏళ్ళు గడిచినా మనసు విప్పరు. తట్టుకోండి." ఒకదాని కిందే ఒకటి రాసుకున్నాడు మహానుభావుడు! మధ్యలో ఓ క్షణం ఆగి ఆలోచించలేదు.

అబద్ధం చెప్పకూడదు, తప్పులో మాకూ వాటా ఉంది. ప్రార్థన మందిరంలో పన్నెండుమంది కాఫీ తాగుతూ ఎవరి ఆవు ఈనిందో చెప్పుకుంటున్నామనుకోండి, తలుపు తీసుకుని నైజెల్ వస్తే చాలు, వాక్యం సగంలో ఉండగానే పన్నెండు నోళ్ళూ ఇంగ్లీషులోకి తిరిగిపోయేవి. అది మర్యాద అనుకున్నాం. ఆవు సంగతి ఆగిపోయేది. వాతావరణం గురించి నాలుగు ముక్కలు మాట్లాడి ఎవరి కప్పు వాళ్ళు కడుక్కునేవాళ్ళం. ముభావులమట!

ఇంగ్లీషు ముక్క రానిది ఊరి మొత్తంలో ఇంగేబోర్ ఒక్కతే, అతని అత్తగారు. ఎనభై తొమ్మిదేళ్ళు. చలికాలం ప్రతి పొద్దునా నైజెల్ ఆవిడ గుమ్మం ముందు మంచు తీసి, మెట్ల మీద ఇసుక చల్లి వెళతాడు. ఒక్క రోజు మానలేదు, ఇదీ చెప్పాలి. ఆవిడ ఫ్లాస్కులో కాఫీ పోసి మెట్టు మీద పెడుతుంది. అతను తాగి, "తక్" అని కిటికీ వైపు చెయ్యి ఊపుతాడు. పదహారు చలికాలాలు వాళ్ళిద్దరి మధ్యా నడిచిన సంభాషణ ఇదే.

"మంచివాడేనే బోర్గిల్," అంది ఇంగేబోర్ ఒకసారి. "మా నాన్నకో గుర్రం ఉండేది, అలాంటివాడు. కాకపోతే గుర్రం నా మాట వినేది."

ఈ ఏడు మే నెలలో నైజెల్ కూతురు సున్నీవాకు చర్చిలో కన్ఫర్మేషన్. పదిహేనేళ్ళ పిల్ల. చిన్నప్పుడు తన తరఫున పెద్దలు చేసిన ప్రమాణాన్ని తన నోటితో తను ఒప్పుకునే రోజు. తరవాత ప్రార్థన మందిరంలో భోజనం. భోజనం మధ్యలో తండ్రి లేచి, గ్లాసు మీద చెంచాతో కొట్టి, బిడ్డ గురించి మాట్లాడాలి. అది లేకపోతే భోజనం భోజనం కాదు. నత్తివాళ్ళు మాట్లాడారు, పాతికేళ్ళు పెళ్ళాంతో కూడా మాట్లాడని వాళ్ళు మాట్లాడారు. వంటింటి గుమ్మంలో నిలబడి అందరివీ విన్నాను.

రెండు వారాల ముందు వంటల సంగతి తేల్చడానికి వాళ్ళింటికి వెళ్ళాను. ఆ పిల్ల నా ముందే తండ్రిని అడిగింది. ఇంట్లో వాళ్ళిద్దరి మాటలూ ఇంగ్లీషులోనే.

"నాన్నా, నాకు బహుమతులేం వద్దు. ఆ రోజు నువ్వు మా భాషలో మాట్లాడు. అమ్మమ్మకు అర్థమయ్యేలాగా. ఒక్కసారి."

"అమ్మమ్మకు మీ అమ్మ చెవిలో చెబుతుందిలే, బంగారూ."

"అమ్మ చెప్పేది కాదు నాన్నా. నువ్వు చెప్పేది. అమ్మమ్మ రెండు చలికాలాలు కూర్చుని నా బట్టల మీద పూలు కుట్టింది. సూదిలో దారం ఎక్కించడానికి కూడా నన్ను పిలవలేదు. నీ నోట ఒక్క మాట వినే హక్కు లేదా ఆవిడకి?"

నైజెల్ ముఖం కాస్త ఎర్రబడింది. "సరే. మాట ఇస్తున్నాను," అన్నాడు.

ఎనిమిది వాక్యాలు. అతను ఇంగ్లీషులో రాశాడు, మాగ్ని మా భాషలోకి మార్చింది. పడవల షెడ్డులో తలుపేసుకుని అభ్యాసం చేస్తున్నాడని హల్వార్ చెప్పాడు. "లోపల సీలు జంతువు ప్రసవిస్తోందేమో అనుకున్నానే," అన్నాడు. నవ్వాను. ఆ రాత్రి ప్రార్థనలో అతని పేరు కూడా చేర్చాను. చేర్చాక కూడా నాకు నమ్మకం కలగలేదు.

ఆ ఆదివారం యాభై మంది. గొర్రె మాంసం, మీగడ జావ, ఆపిల్ రసం, ఏడు రకాల కేకులు. సున్నీవా అమ్మమ్మ కుట్టిన నల్ల ఉన్ని పావడాలో, గుండెల మీద వెండి బిళ్ళలు గలగలమంటుంటే, దేవదూతలా ఉంది. ఇంగేబోర్ మనవరాలి పక్కనే కూర్చుంది. చెవి మిషనులో ఆ పొద్దున్నే కొత్త బ్యాటరీ వేయించుకుంది. వేసింది నేనే.

నైజెల్ లేచాడు. గ్లాసు మీద కొట్టాడు. కాగితం తీశాడు.

మొదటి వాక్యం బాగానే వచ్చింది. "ప్రియమైన సున్నీవా, ఈ రోజు నీ రోజు." ఇంగేబోర్ ముందుకు వంగింది, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని. రెండో వాక్యం నడిమధ్యలో ఇరుక్కుపోయింది. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ ఇరుక్కున్నాడు. నిశ్శబ్దం మాకు కొత్త కాదు, ఎంతసేపైనా కూర్చోగలం. ఇంకో నిమిషం కూర్చుని ఉంటే సరిపోయేది.

కానీ హల్వార్ మనసు వెన్న. మేనమామ కదా, బావ అవస్థ చూడలేకపోయాడు. "కష్టపడకు బావా, ఇంగ్లీషులో కానియ్. మాకందరికీ వచ్చుగా!" అన్నాడు ఇంగ్లీషులో. చుట్టూ ఉన్నవాళ్ళంతా అవునవునని తలలూపారు. నేనూ ఊపాను. దేవుడు చూశాడు, నేనూ ఊపాను.

నైజెల్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్న వేగం చూడాల్సింది! తరవాత పదిహేడు నిమిషాలు దంచాడు. మా మౌనం మీద జోకులు, మా గోధుమరంగు జున్ను మీద జోకులు, తను మొదటిసారి మంచు మీద జారిపడ్డ కథ. అది అందరం తొమ్మిదోసారి వినడం. అయినా నవ్వాం. ఇంగేబోర్ కూడా నవ్వింది. అందరూ నవ్వడం చూసి, ఓ క్షణం ఆలస్యంగా.

సున్నీవా నవ్వలేదు. బల్ల మీద చేతిగుడ్డను మడుస్తూ, విప్పుతూ, మడుస్తూ ఉంది.

చివరన కన్ఫర్మేషన్ అయిన పిల్ల కూడా లేచి అతిథులకు కృతజ్ఞతలు చెప్పాలి. ఆ పిల్ల లేచింది. పక్కా మా ఊరి యాసలో, గడగడా మొదలుపెట్టింది.

"అమ్మమ్మా, నాన్న ఇప్పుడు చెప్పింది నీకు నేను చెప్పను. అది నీకోసం చెప్పింది కాదు. నీకోసం రాసింది నాన్న జేబులో ఉంది." మేనమామ వైపు తిరిగింది. "హల్వార్ మామా, మీ మంచితనంతో మా నాన్నని మూగవాణ్ణి చేశారు మీరంతా. నాకు బహుమతి ఇవ్వాలనుకుంటే ఇది ఇవ్వండి, ఇవాళ్టి నుంచి మా నాన్నతో ఎవరూ ఇంగ్లీషులో మాట్లాడొద్దు. నేనిప్పుడు చెప్పింది కూడా ఆయనకు చెప్పొద్దు. భోజనం చాలా బాగుంది, బోర్గిల్ అత్తా. తక్."

ఎవరో కంగారులో చప్పట్లు కొట్టారు. నైజెల్ కూడా కొట్టాడు, నవ్వుతూ. అందరినీ చూసి, ఓ క్షణం ఆలస్యంగా.

"ఏమంది?" అని హల్వార్‌ని అడిగాడు. హల్వార్ చెవులదాకా ఎర్రబడి కేకు కోయడం మొదలుపెట్టాడు, కోసిన కేకునే మళ్ళీ. మాగ్నిని అడిగాడు. ఆవిడ పాస్టరు గారికి కాఫీ పోస్తూ ఉండిపోయింది, కప్పు నిండి సాసరు నిండేదాకా. ఆఖరికి వంటింట్లోకి వచ్చాడు.

"బోర్గిల్, మా అమ్మాయి ఏమంది?"

పదహారేళ్ళలో మొదటిసారి అతనికి నా భాషలో జవాబు చెప్పాను. మెల్లగా, ముక్క ముక్కగా, పిల్లలకు చెప్పినట్టు. "అమ్మమ్మ. జేబు. కాగితం." అతను నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు, నేను ఇంగ్లీషులోకి ఎప్పుడు తిరుగుతానా అని. నేను తిరగలేదు. ఫ్లాస్కులో కాఫీ పోసి అతని చేతిలో పెట్టి, హాల్లో ఒంటరిగా కూర్చున్న ఇంగేబోర్ వైపు చూపించాను.

ఫ్లాస్కు అతనికి అర్థమయింది.

వెళ్ళి ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు. కాఫీ పోశాడు. చాలాసేపటికి కాగితం బయటికి వచ్చింది. మొదటి వాక్యం. రెండో వాక్యం, మళ్ళీ అక్కడే ఇరుక్కున్నాడు. ఇంగేబోర్ చెవి ముందుకు పెట్టి, "ఊఁ, చెప్పు నాయనా," అంది. చెప్పాడు, తప్పుగా. ఆవిడ సరిదిద్దింది. మళ్ళీ చెప్పాడు, ఇంకా తప్పుగా. అలా మూడో వాక్యం దాకా పాకాడు. పదహారేళ్ళకు మూడు వాక్యాలు! ఆ పక్కనే అబ్రెహెత్ పాస్టరు గారితో పన్నుల మీద వాదిస్తోంది.

నాలుగో వాక్యం దగ్గర తల ఎత్తి చుట్టూ చూశాడు, ఎవరైనా ఆదుకుంటారేమోనని. యాభై మందికీ ఒక్కసారిగా కేకుల మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొచ్చింది. పాపం, ఒక్క హల్వార్ మాత్రం తట్టుకోలేక అటు తిరిగి నోరు తెరిచాడు.

నేను బాదం కేకు ముక్క తీసి ఆ నోట్లో పెట్టాను.