బొమ్మ దొర్లలేదు

నేను ఒక చిన్న టీవీ మీద నింద వేశాను. రెండు అరచేతులు పక్కపక్కన పెడితే సరిపోయేంత తెర దానిది. మనిషి మీద వేసి ఉంటే ఎదురు తిరిగేవాడు, నాలుగు మాటలు అనేవాడు, నా బండారం అక్కడికక్కడే బయటపడేది. అది నోరు లేని పెట్టె. అందుకే ఇన్నేళ్లూ నెగ్గుకొచ్చాను. నెగ్గడమంటే ఇదేనా? అన్నం తింటూ తింటూ చెయ్యి ఆగిపోతుంది. ఏమైందని ఇంట్లోవాళ్లు అడుగుతారు. ఏమీ లేదంటాను.

మీకు చెబుతున్నాను. తెలుగులో రాయడానికి కూడా ఒక కారణముంది. పుదుచ్చేరిలో మా ఇళ్లలో తెలుగు మాట్లాడతారు గానీ చదవడం ఎవరికీ రాదు. పక్క వీధిలో ఉండే యానాం టీచరమ్మ దగ్గర నేనొక్కడినే పట్టుబట్టి నేర్చుకున్నాను. ఈ కాగితాలు బల్ల మీద వదిలేసి వెళ్లినా మా ఇంట్లో ఎవరూ చదవలేరు. ఒప్పుకోవడానికి కూడా ఇంత జాగ్రత్త పడే మనిషిని నేను. ముందే తెలుసుకోండి.

ఎనభైల నడిమి మాట. మా నాన్నకు బజారులో పాత్రల అంగడి. దాని మేడ మీది గదిలో నేను వీడియో పని పెట్టుకున్నాను. పెళ్లిళ్లు, బడి పండుగలు. మా అంగడికి ఆనుకునే గాజుల అంగడి, అది రంగయ్య మామది. చుట్టరికం లేదు, పుట్టినప్పటి నుంచీ మామే. ఆయనకు ఇంద్రజాలం ప్రాణం. గాజులు కొనడానికి వచ్చిన ఆడపిల్లల జడలోంచి పూసలు తీసేవాడు, ఏడ్చే పసివాళ్ల చెవిలోంచి చాక్లెట్లు తీసేవాడు. అన్నిటికన్నా పెద్దది ఉంగరం ఆట. ఎవరి ఉంగరమో అడిగి తీసుకుని చేతిరుమాల్లో చుడతాడు. రుమాలు విదిలిస్తే ఉంగరం ఉండదు. బల్ల మీదున్న నిమ్మకాయ కోస్తే అందులో ఉంటుంది. ఐదేళ్ల వయసులో మొదటిసారి చూశాను. ఆ రాత్రి ఇంట్లో ఉన్న నిమ్మకాయలన్నీ కోసి మా అమ్మ చేత దెబ్బలు తిన్నాను.

అంత విద్య ఉన్నా ఆయనకు పెద్ద హాలు ఎప్పుడూ దొరకలేదు. ఉంగరం ఎంతని, చెయ్యి ఎంతని? మూడో వరుస దాటితే ఎవరికీ కనపడదు. ఒక సంఘం వాళ్లు వార్షికోత్సవానికి పెద్ద హాలు తీసుకున్నప్పుడు నేనే చెప్పాను. రెండు కెమెరాలు పెడదాం మామా, ఆరు కలర్ టీవీలు గోడల వెంట పెడదాం, నీ వేళ్లు చివరి వరుసకు కూడా కనపడతాయి. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ముప్పై ఏళ్లుగా ఆ మాట కోసమే ఎదురుచూసినట్టు నా చెయ్యి పట్టుకున్నాడు.

ఒక కెమెరా ఎదురుగా. ఇంకొకటి వేదిక పక్కన, నవ్వే జనం, ఉంగరం ఇచ్చిన వాళ్ల మొహం చూపించడానికి; మామ వైపు తిప్పితే బల్ల వెనక కూడా కనపడుతుంది. ఏ కెమెరా బొమ్మ హాల్లోకి పోవాలో నేను బటన్ నొక్కి ఇవ్వాలి. ఇచ్చే ముందు నేను చూసుకోవడానికి, కెమెరాకొకటి చొప్పున రెండు చిన్న మానిటర్లు కావాలి. అసలు మానిటర్లు మా తాహతుకు మించినవి. పాత బ్లాక్ అండ్ వైట్ బుల్లి టీవీలకే వెనక చిల్లు పెట్టి, కెమెరా వైరు తగిలించుకునేలా చేసే మెకానిక్ ఒకాయన ఊళ్లోనే సారం అనే పేటలో ఉండేవాడు. వాటిని ఏరుకోవడానికి నేను ఒక్కడినే పోదామనుకున్నాను. మామ అంగడి మూసుకుని నా వెంట వచ్చాడు.

మెకానిక్ నాలుగు పెట్టెలు ముందు పెట్టాడు. మామ జేబులోంచి ఒక గాజు తీసి, నేను తీసుకెళ్లిన కెమెరా ముందు పట్టుకున్నాడు.

"ఇదేందిరా, గాజు కోడిగుడ్డు మాదిరి ఐపాయె," అని మొదటిదాన్ని పక్కకు నెట్టాడు. రెండోదాని ముందు చెయ్యి చాపి, "ఇది అంచులు తింటాంది. నా మోచెయ్యి యాడ పోయె?" అన్నాడు. మూడోది కిటికీ వెలుతురు తగిలితే చాలు తెల్లగా పాలిపోయింది. నాలుగోదాంట్లో గాజు గుండ్రంగా నిలబడింది. నన్ను చెయ్యి చాపినంత దూరంలో కూర్చోబెట్టి, గుప్పిట తెరిచి, ఏముందో చెప్పమన్నాడు. చింతగింజలన్నాను. ఎన్నని అడిగాడు. రెండన్నాను. మామ మొహం వెలిగింది. అంతటితో వదల్లేదు. వేడెక్కితే దాని గుణం మారుతుందేమో చూడాలని మధ్యాహ్నమంతా దాన్ని ఆన్‌లోనే ఉంచి, తెచ్చుకున్న పెరుగన్నం అక్కడే తిని, ఎదురుగా కూర్చున్నాడు. పాత టీవీల్లో బొమ్మ కింది నుంచి పైకి జారిపోతూ మళ్లీ కింద మొదలవుతూ ఉంటుంది కదా, దొర్లడం అంటాం మేము. సాయంత్రం దాకా ఒక్కసారి కూడా దొర్లలేదు. దాన్నీ, అలాంటిదే ఇంకొకదాన్నీ తీసుకున్నాం. వెలుతురు పడకుండా గాజుల పెట్టెల అట్ట కత్తిరించి, నల్లకాగితం అంటించి, వాటికి గొడుగులు కూడా ఆయనే చేశాడు.

అప్పుడే నాకు చెప్పాడు. "నా ఎడమ చెయ్యి బల్ల కిందికి దిగినప్పుడు మాత్రం పక్క కెమెరా ఇయ్యొద్దు. ముందు ఈ చిన్నదాంట్లో చూడు, చూసినాకనే ఇయ్యి. నా మానం నీ వేలి కింద పెడతాండా."

కార్యక్రమం రోజు పొద్దున వైర్లు లాగుతూ, ఉంగరం ఆట ఎలా చేస్తావో ఇప్పుడైనా చెప్పు మామా అన్నాను. ఎన్నోసారో అడగడం. ఆయన నా చేతుల వంక చూసి, నా కెమెరావాళ్ల ముందే నవ్వేశాడు. "నీకు ఓపిక యాడుంది? నువ్వు బటన్లు నొక్కుకో పో." వాళ్లూ నవ్వారు. నేనూ నవ్వాను. మనసులో ఏదో గీసుకుపోయింది. అదే కారణమా? అంత చిన్న మాటా? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతున్నాను. ఇంకో కారణమైతే నాకు దొరకలేదు.

హాలు నిండింది. పూసలు, రిబ్బన్లు అన్నీ బాగా నడిచాయి. వెనక వరుసల్లో కూడా చప్పట్లు. ఆ తర్వాత సంఘం అధ్యక్షుడి భార్యను అడిగి ఉంగరం తీసుకున్నాడు. రుమాల్లో చుట్టాడు. ఏదో కథ చెబుతూ, ఎడమ చెయ్యి బల్ల కిందికి దించాడు.

నేను పక్క కెమెరా చిన్న మానిటర్‌లో చూశాను. బల్ల వెనక మేకుకు తగిలించిన నల్లటి గుడ్డ సంచి. దాని మూతి దగ్గర మామ రెండు వేళ్లు. వేళ్ల మధ్య ఉంగరం. చప్పుడు కాకూడదని నెమ్మదిగా, చాలా నెమ్మదిగా జారుస్తున్నాడు. సంచి కుట్టు కూడా కనపడింది. ఇంతేనా అనిపించింది. ఇరవై ఏళ్లు నేను నోరెళ్లబెట్టి చూసింది ఈ గుడ్డ సంచినా?

వేలు నొక్కేసింది అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. వేలు నొక్కలేదు. నేను నొక్కాను. చూడడానికీ నొక్కడానికీ మధ్య ఒక ఊపిరి పీల్చుకునేంత సమయం ఉంది. ఎలా తెలుసంటే, ఆ ఊపిరి పీల్చుకున్నది నేనే.

ఆరు కలర్ టీవీల్లో మామ వేళ్లు, ఉంగరం, సంచి. వెనక నుంచి ఎవరో "తిరుడన్" అని అరిచారు. అరవంలో దొంగ అని. దాని వెంటే నవ్వులు లేచాయి. మామకు ఏం జరిగిందో తెలియలేదు. అందరూ చూస్తున్న వైపు తిరిగి గోడ దగ్గరి టీవీ చూశాడు. అందులో తన చెయ్యి తనకు కనపడింది. ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది. నేను వెంటనే ఎదురు కెమెరా ఇచ్చి ఉండవచ్చు. ఇవ్వలేదు. నేనే చేసిన పనిని ఎవరో చేస్తుంటే చూస్తున్నవాడిలా కూర్చున్నాను. మామ ఉంగరం తీసి, వేదిక దిగి, ఆవిడకు రెండు చేతులతో ఇచ్చాడు. రెండో వరుసలో కూర్చున్న అత్త తలెత్తలేదు. నిమ్మకాయ బల్ల మీదే ఉండిపోయింది. దాన్ని ఎవరూ కోయలేదు.

తెర వెనక మామ నా దగ్గరికి వచ్చాడు.

"చూడలేదా అబ్బీ?"

"చూసినా మామా. చిన్నదాంట్లో బొమ్మ దొర్లింది. ఏ కెమెరా ఏదో తెలీలేదు."

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. తడబాటు లేదు, గొంతులో వణుకు లేదు. నొక్కినందుకు కన్నా ఆ నోటిని చూసి నాకు ఎక్కువ భయమేసింది.

"దొర్లిందా?" అన్నాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఐతే తప్పు నాది. నేనే కదా ఏరింది. చౌకగా వస్తాందని ఆశపడితి."

ఆయన నన్ను కొట్టి ఉంటే బతికిపోయేవాడిని.

మర్నాడు వచ్చి, పక్క కెమెరాకు పెట్టిన ఆ చిన్న టీవీ అడిగి తీసుకుపోయాడు. నా పాత కెమెరా ఒకటి కూడా అడిగాడు. ఇచ్చాను. మధ్యాహ్నం అంగళ్లు మూసే వేళ, తన అంగడి వెనక గదిలో దారానికి గాజు వేలాడదీసి, దాని మీదికి కెమెరా తిప్పి, టీవీ ముందు కూర్చునేవాడట. ఎప్పుడు దొర్లుతుందో చూడాలని. తప్పు దొరికితే సరిచేయాలని. రెండు నెలల తర్వాత నన్ను పిలిపించాడు.

"ఎట్ల దొర్లిందిరా? పైకా, కిందికా?"

పైకి అన్నాను. అబద్ధానికి దిక్కు కూడా చెప్పాను.

పక్కనే కూర్చోమన్నాడు. ఒక గంట ఇద్దరం ఆ తెర వంక చూశాం. గాజు గుండ్రంగా, కదలకుండా ఉంది. దొర్లు, ఒక్కసారి దొర్లు అని నేను దాన్ని లోలోపల బతిమాలుకున్నాను. ఒకసారి కరెంటు తగ్గి బొమ్మ కాస్త కుంచించుకుపోయి మళ్లీ సర్దుకుంది. మామ ఉలిక్కిపడి లేచాడు. "ఇదేనా? ఇదే కదా?"

అవును మామా, ఇదే, అని ఒక్క మాట అంటే ఆయన ఆ గదిలోంచి బయటికి వచ్చేవాడు. ఇంత అబద్ధం చెప్పినవాడికి ఇంకొకటి బరువా? కానీ "ఇది కాదు మామా" అన్నాను. ఎందుకన్నాను? అది నిజం కాబట్టి. నిజం చెప్పడానికి నాకు దొరికింది ఆ ఒక్క చోటు. ఈ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు దిగ్భ్రాంతి కలుగుతుంది.

ఆయన మళ్లీ ఎక్కడా ఆడలేదు. అంగట్లో పసిపిల్ల ఏడిస్తే చాక్లెట్ డబ్బాలోంచే తీసి ఇచ్చేవాడు. నాతో మాత్రం ఎప్పటిలాగే మాట్లాడాడు, అన్నం తిన్నావా అని అడిగాడు, నా పెళ్లికి గాజులన్నీ తనే ఇచ్చాడు. కొన్నేళ్లకు ఒక జ్వరంలో పోయాడు. దినాలు అయ్యాక అత్త నన్ను పిలిచి ఆ టీవీ చేతిలో పెట్టింది.

"ఒక్క తూరి కూడా దొర్లలేదంట అబ్బీ. నేనే అంటి, ఆ పిల్లోడు ఏందో చూసి ఏందో అనుకున్నాడేమో అని. ఒప్పుకోలేదు మీ మామ. వాడు అబద్ధం చెప్పే పిల్లోడు కాదు, నేను రెప్ప కొట్టినప్పుడు దొర్లతాందేమో అని అనె."

ఆయన నన్ను అనుమానించి ఊరుకున్నాడని, తెలిసి క్షమించాడని లోపల ఎక్కడో ఒక ఆశ పెట్టుకున్నాను. అనుమానించనే లేదు. నన్ను నమ్మాడు, తన కళ్లను నమ్మలేదు. ఆ చేతులు, ఆ కళ్లే ఆయన ఆస్తి. పెట్టె పట్టుకుని మెట్లు దిగాను. తర్వాత ఆమె కూడా పోయింది.

అది ఇప్పుడు నా గదిలోనే ఉంది. నల్లకాగితం గొడుగు ఒక పక్క చిరిగింది. నన్ను క్షమించగలిగినవాళ్లు లేరు, మిమ్మల్ని క్షమించమని అడగడమూ లేదు. ఇంతదాకా రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే. ఆ పెట్టె దగ్గర కూర్చుని అనాల్సిన మాట ఇక్కడ అంటున్నాను.

మామా, బొమ్మ దొర్లలేదు. నువ్వు ఏరింది మంచి పెట్టె. అంతా కనపడింది, సంచి కుట్టుతో సహా. నేను చూసినాకనే ఇచ్చాను.