తగ్గిందా, పడిపోయిందా

ఒంట్లో ఏదో తేడాగా ఉందని నాకు మొదట తెలిసింది ఒక దారపు రీలు వల్ల. కాటన్‌పేటలో మాది కుట్టుదారాల హోల్‌సేల్ అంగడి. రీలు అడుగున షేడ్ నంబరు చీమ తలకాయంత ఉంటుంది. ఇన్నేళ్ళుగా అది చూసే సరుకు ఇస్తున్నాను. ఆ రోజు ఎప్పుడూ వచ్చే టైలరు మెరూన్ అడిగితే కాఫీపొడి రంగు చేతిలో పెట్టాను. "ఏమక్కా, కండ్లు ఇంట్లో పెట్టొచ్చినావా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కొత్త కళ్ళద్దాలు తీసుకుని అప్పటికి ఎన్నో రోజులు కాలేదు.

అద్దాల అంగడికి పోయాను. ఆయన పరీక్ష చేసి, "నంబరు మళ్ళీ మారిండాదక్కా. ఇప్పుడు అద్దాలు వద్దు. ముందు షుగర్ చూపించుకో," అన్నాడు. అమ్ముకునేవాడు సరుకు అమ్మకుండా వెనక్కి పంపితే ఎవరికైనా అనుమానం రావాలి. నాకు వచ్చింది. ఏ ల్యాబు వాడితోనో ఒప్పందం ఉందేమో అనుకున్నాను.

మా ఆయన నన్నెప్పుడూ "అనుమానం పెనుభూతం రత్నా" అని ఎత్తిపొడుస్తుంటారు. అననీ. హోల్‌సేల్‌లో అనుమానం లేనివాడు తొందరగానే అంగడి మూసుకుంటాడు. దారం లాగి తెంపి చూస్తే గాని నేను మూట దింపనివ్వను.

దాహం, మాటిమాటికీ బాత్రూముకు పోవడం, నడుము దగ్గర చీర వదులు కావడం, అన్నీ ఎండల వల్లే అనుకుంటూ వచ్చాను. ల్యాబులో ఫాస్టింగ్ షుగర్ చూస్తే రెండు వందల అరవై దాటింది. నమ్మలేదు. మరో పేటలో మరో ల్యాబుకు పోయాను. అక్కడా ఇంచుమించు అంతే. రెండు ల్యాబులూ కుమ్మక్కు అయ్యుంటే తప్ప నిజమేనని ఒప్పుకోక తప్పలేదు.

మా ఆయన్ని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి పోయాను. ఆమె కన్నడం ఆమె. తెలుగు బాగానే మాట్లాడుతుంది. హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్ అన్నీ చూసి, "టైప్ టూ డయాబెటిస్ అమ్మా. గాబరా పడొద్దు," అంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ రెండూ కలిసిన మాత్ర రాసిచ్చింది. మాత్ర మాత్రం ఒక్కరోజు కూడా మానొద్దంది. తర్వాత, "కింద హాల్లో ఆదివారాలు డయాబెటిస్ ఎడ్యుకేషన్ కోర్సు ఉంది, కొత్తగా షుగర్ వచ్చినవాళ్ళకి. ఇద్దరూ పోండి. ఫ్రీనే," అంది.

బయటికి రాగానే మా ఆయనతో అన్నాను. "సుమ్నే, ఊరికే ఎవురైనా ఇస్తారా? ఫ్రీ అంటే వెనకాల ఏందో ఉండాది."

"ఏమీ ఉండదు. ఆదివారం అంగడి ఎట్లాగూ మూతే కదా. పోయి కూర్చుని వద్దాం రా," అన్నారాయన.

ఆదివారం పోయాం. హాలు గుమ్మం దగ్గరే ఒక టేబుల్ వేసి ఉంది. దాని మీద షుగర్ పేషెంట్ల పౌడరు డబ్బాలు పేర్చి, వెనకాల టై కట్టుకున్న మనిషి నవ్వుతూ నిలబడ్డాడు. నేను మా ఆయన్ని మోచేత్తో పొడిచాను. "చూడు, గింజలు లోపల, వల ఇక్కడ."

క్లాసు చెప్పే అమ్మాయి పేరు శ్రుతి. సొంతూరు విజయవాడ వైపు, ఇప్పుడు బెళ్ళందూరులో ఉంటోందట. ఇంగ్లీషు, కన్నడం, తెలుగు మూడూ కలిపి గడగడా మాట్లాడుతుంది. రాగిసంగటి తింటే షుగర్ పెరగదనుకునేవాళ్ళు చేతులెత్తమంది. అందరం ఎత్తాం. పిడికిలి బిగించి చూపించి, "ముద్ద ఇంత అయితే మంచిదేనండి. మీరు తినేది టెంకాయంత," అంది. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ, నవ్వించినవాడి దగ్గర జనం తొందరగా కొంటారన్న సంగతి నాకు తెలుసు.

అంతలో టీవీ తెర మీద ఇంగ్లీషు, కన్నడం, తెలుగు మూడింటిలోనూ ఒక ముక్క వచ్చింది. నేను తెలుగు చదివాను. "షుగర్ లో – వెంటనే గ్లూకోజ్ లేదా చక్కెర నీళ్ళు తాగాలి." కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివాను. అదే ఉంది. షుగర్‌లో చక్కెర నీళ్ళు తాగాలట! శ్రుతి నోటితోనూ అదే చెప్పింది, "షుగర్ లో ఉంటే ఆలస్యం చేయకండి, మూడు స్పూన్ల చక్కెర నీళ్ళలో కలిపి తాగేయండి" అని.

నాకు ఒళ్ళు మండింది. షుగర్ ఉన్నవాళ్ళను చక్కెర తాగమనేవాళ్ళు ఎవరి మనుషులు? తాగితే షుగర్ ఎక్కుతుంది, ఎక్కితే గుమ్మం దగ్గర డబ్బా కొంటాం. లెక్క సరిపోయింది. లేచి అడగలేదు. సరుకు మీద అనుమానం వస్తే అమ్మేవాడి ముందు బయటపడకూడదు, నవ్వి లేచి రావాలి, అదే మా వ్యాపారంలో పద్ధతి. నవ్వి లేచి వచ్చాను.

తర్వాతి ఆదివారం మా ఆయన చొక్కా వేసుకుని బయల్దేరితే ఆపాను. "చక్కెర తాగమనేవాళ్ళ దగ్గరికి పోయేది దొంగ చేతికి తాళాలిచ్చినట్టే," అన్నాను. ఆయనకూ నిజమేననిపించింది. శ్రుతి రెండుసార్లు ఫోన్ చేసింది. అంగడిలో పని ఉందన్నాం.

మాత్రలు బాగా పనిచేశాయి. ఇంట్లోకి మీటరు కొన్నాం. పొద్దున్నే వేలు పొడిచి చూడడం, "తగ్గిండాది రత్నా!" అని మా ఆయన కేక వేయడం, పక్కనున్న కాఫీ అంగడాయనకు కూడా ఆ కబురు చెప్పడం రోజూ జరిగేది. మన మాటల్లో తగ్గడం అంటే మంచి కబురే కదా. జ్వరం తగ్గింది, నొప్పి తగ్గింది, ధర తగ్గింది, కోపం తగ్గింది. షుగర్ కూడా ఎంత తగ్గితే అంత మంచిదని నేను తిండి కోసేశాను. రాత్రి అన్నం మానేశాను. ఎప్పటి నుంచో శనివారం ఒక్కపొద్దు ఉంటాను కాబట్టి, ఆ రోజు సాయంత్రం దాకా ఏమీ ముట్టను. మాత్ర మాత్రం వేసుకునేదాన్ని. డాక్టరు మానొద్దంది కదా మరి!

అలాంటి ఒక శనివారం అంగడిలో ఉన్నాను. మధ్యాహ్నానికి వెన్ను తడిసిపోయేలా చెమట పట్టింది. గుండె దడదడలాడింది. రీళ్ళు చేతిలోంచి జారిపోతున్నాయి. కొనడానికి వచ్చిన ఒకామెను ఊరికే కసిరాను. ఏమని కసిరానో నాకు గుర్తు లేదు. ఇక్కడి నుంచి మా ఆయన చెప్పిందే.

ఆయన నన్ను కూర్చోబెట్టి మీటరు పెట్టి చూశారు. యాభై రెండు. ఆయన మొహం వెలిగిపోయిందట. అంతటితో ఊరుకోకుండా, క్లాసుకు పోకుండానే ఎంత సాధించామో చెప్పాలని శ్రుతికి ఫోన్ చేశారు.

"అమ్మా శ్రుతీ, మీ క్లాసుకు రాకపోతే ఏమాయె? మా ఆమెకు షుగర్ ఎంత తగ్గిండాదో తెలుసునా? యాభై రెండు!"

"ఆవిడ ఎలా ఉన్నారు సార్?"

"చెమటలు కారుతాండాయి. చేతులు వణుకుతాండాయి. ఏందేందో మాట్లాడ్తాండాది. ఎండకేమోలే."

"సార్, అది షుగర్ లో! వెంటనే చక్కెర నీళ్ళు పట్టండి!"

"మళ్ళీ అదే మాటనా? షుగర్‌లో చక్కెర తాగమంటావేందమ్మా? తగ్గిండాదని చెప్తాంటే!"

"తగ్గడం కాదు సార్!" అని ఆ అమ్మాయి అరిచిందట. "పడిపోయింది! షుగర్ పడిపోయింది! ఇంకాసేపుంటే ఆవిడ స్పృహ కూడా పోతుంది. ముందు చక్కెర తెండి!"

పడిపోయింది అన్న మాట వినేసరికి మా ఆయన కాళ్ళు కదిలాయి. కాఫీ అంగడికి పరుగెత్తి చక్కెర డబ్బానే ఎత్తుకొచ్చారు. నీళ్ళలో కలిపి నా నోటి దగ్గర పెడితే నేను పళ్ళు బిగించానట. "నన్ను చంపేకి వాళ్ళతో చేరినావా?" అన్నానట. పెళ్ళయిన నాటి నుంచి ఆయన నా మీద గొంతు పెంచి ఎరుగరు. ఆ రోజు పేటంతా వినబడేలా "నోరు తెరువే!" అని అరిచారు. తెరిచాను.

పావుగంటకు చూపు నిలబడింది. మళ్ళీ మీటరు పెట్టి చూశాక ఉప్మా తినిపించారు. ఒక్కపొద్దు చెడింది, దేవుడేమనుకుంటాడో అన్నాను. "ఆయన నీయంత అనుమానం మనిషి కాదులే, తిను," అన్నారు. 

సాయంత్రం డాక్టరు దగ్గరికి పోయాం.

"మాత్ర వేసుకుని తిండి మానేశారా?"

"మానొద్దని మీరే కదా చెప్పినారు!"

"మాత్ర మానొద్దన్నాను అమ్మా. తిండి మానమన్నానా? హైపోగ్లైసీమియా ఇది. గ్లిమిపిరైడ్ తీసేస్తాను. ఇకమీదట ఉపవాసం ఉండాలంటే ముందు నన్నడగండి."

"ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఇది వచ్చుంటే?" అని అడిగాను.

ఆమె చీటీలో గ్లిమిపిరైడ్ కొట్టేసింది. "అందుకే క్లాసుకు పొమ్మన్నాను," అంది.

అప్పుడు భయమేసింది. భయం కంటే కోపం ఎక్కువ వచ్చింది. నా ప్రాణం నిలబెట్టే మాటను నాకు అర్థం కాకుండా చెప్పిందెవరు?

ఆ ఆదివారం క్లాసు మొదలుకాక ముందే నిలబడ్డాను. శ్రుతి నన్ను చూసి సంతోషపడింది. "బాగున్నారా అండి? నేను మొదటి క్లాసులోనే చెప్పాను, షుగర్ లో అయితే ఏం చేయాలో."

"ఏ 'లో' అమ్మా? 'ఇంట్లో'లో ఉండే 'లో'నా, 'అంగట్లో'లో ఉండే 'లో'నా?"

ఆమెకు అర్థం కాలేదు. తెర మీది ముక్క పెట్టించి, తెలుగు తెలుగులాగే చదవమన్నాను. "షుగర్... లో... షుగర్‌లో..." అని నెమ్మదిగా చదివి నెత్తిన చేయి పెట్టుకుంది. ఆమె రాసింది ఇంగ్లీషు మాట 'లో', అంటే తక్కువ అని. నేను చదివింది మన తెలుగు 'లో', లోపల అనే అర్థంలో. "అయ్యో, నేను ఎప్పుడూ ఇలా చదవలేదండి," అంది. ఇంకెవరైనా ఇలాగే అనుకున్నారా అని హాలును అడిగింది. ముగ్గురు చేతులెత్తారు. ఒక పెద్దాయన మొహమాటంగా, "నేను రోజూ పొద్దున చక్కెర నీళ్ళు తాగుతుండానమ్మా," అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

శ్రుతి అక్కడే ఆ మాట కొట్టేసి 'షుగర్ పడిపోతే' అని రాసింది. దాని కింద మరో వాక్యం చేర్చింది. మనిషికి స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలని.

నేను అంతటితో వదల్లేదు. "మరి గుమ్మం దగ్గర ఆ డబ్బాలు?"

ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "అవి క్లాసువి కావండి. హాలు ఖర్చు ఆ కంపెనీ పెట్టుకుంటుంది. మీరు కొనక్కర్లేదు."

చూశారా! నా అనుమానం పూర్తిగా ఊరికే పోలేదు.

మిగిలిన ఆదివారాలన్నీ పోయాను. పాదాలు రోజూ ఎందుకు చూసుకోవాలో, ఏడాదికోసారి కంటి రెటీనా ఎందుకు చూపించుకోవాలో, షుగర్ అటూ ఇటూ అవుతున్నప్పుడు అద్దాల నంబరు ఎందుకు మారుతుందో అక్కడే తెలుసుకున్నాను. షుగర్ నిలకడ అయ్యాక ఆ అద్దాల అంగడికే పోయాను. ఈసారి ఆయన రెండు జతలు అంటగట్టాలని చూశాడు. అప్పుడు నాకు మనసు కుదుటపడింది.

ఇప్పుడు మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకుంటున్నాను. షేడ్ నంబర్లు బాగా కనబడుతున్నాయి. గల్లాపెట్టె పక్కన చక్కెర సీసా ఉంటుంది, దాన్ని ఎవరినీ కదిలించనివ్వను. మా ఆయన ఇప్పటికీ పొద్దున్నే మీటరు చూసి కేక వేస్తారు గానీ, ముందు నా మొహం చూస్తారు. "తగ్గిండాదా, పడిపోయిండాదా?" అని అడుగుతారు. "తగ్గిండాది," అంటే గాని కాఫీ తాగరు.

కొత్తగా షుగర్ వచ్చినవాళ్ళు ఆ కోర్సుకు పోవాలా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. పోండి. అనుమానంతోనే పోండి, కానీ దాన్ని నాలాగా ఇంటికి మోసుకు రావద్దు. అడగందే అమ్మైనా పెట్టదు. షుగర్ పడిపోతే ఏం చేయాలో మీ ఇంటి మాటల్లో వాళ్ళకే తిరిగి చెప్పి, అవునా కాదా అని తేల్చుకుని లేవండి. ఇంట్లోవాళ్ళను కూడా వెంట తీసుకుపోండి, ఎందుకంటే ఆ వేళకు మీ నోరు మీ మాట వినదు. ఒకవేళ పోవడం కుదరకపోతే ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మాత్రలు వేసుకునే మనిషికి చెమటలు పట్టి చేతులు వణికి, మీటరులో అంకె బాగా కిందికి దిగితే సంబరపడొద్దు. స్పృహ ఉండగానే చక్కెర నీళ్ళు తాగించండి. నన్ను అనుమానించాలంటే తర్వాత తీరిగ్గా అనుమానించవచ్చు.