నాలుగు లోడ్ల నవల

నా దుకాణం ఆసుపత్రి గేటుకి ఎదురుగా, మేడమెట్ల కింద ఉంటుంది. నిటారుగా నిలబడితే తల తగులుతుంది కాబట్టి ఇరవై ఏళ్ళుగా కూర్చునే వ్యాపారం చేస్తున్నాను. నవలలు అద్దెకిస్తాను. రోగుల బంధువులు వచ్చి పుస్తకం పట్టుకెళ్తారు, సగంమంది రోగితోపాటు పుస్తకాన్ని కూడా డిశ్చార్జి చేయించుకుని పోతారు. ఇప్పుడు అదీ లేదు, అందరి చేతుల్లోనూ ఫోన్లే. పుస్తకం అడిగే మనిషి కనబడితే లేచి దండం పెట్టాలనిపిస్తుంది. లేస్తే తల బొప్పి కడుతుందని ఊరుకుంటాను.

ముందే ఒక నిజం చెప్పేస్తాను. నేను నవలలు చదవను. ఈ కొట్టు మా మామగారిది, ఆయన పోయాక నా మెడకి చుట్టుకుంది. నాలుగు పేజీలు తిప్పేసరికి నాకు ఆవలింతలు మొదలవుతాయి. మరి వచ్చినవాళ్ళు "ఇది ఎలా ఉంటుందండీ?" అని అడిగితే ఏం చెప్పేవాణ్ణంటారా? అక్క చెప్పిందే చెప్పేవాణ్ణి.

అక్క అంటే నా తోబుట్టువు కాదు. ఆసుపత్రిలో ఆపరేషన్ సామాను శుద్ధిచేసే గదిలో పనిచేసే మనిషి. వయసులో నాకన్నా రెండేళ్ళు చిన్నదే, కానీ ఆ ముఖంలో అలసట చూస్తే ఎవరికైనా అక్కా అనే పిలవాలనిపిస్తుంది. ఆవిడ కూడా ఏ మొహమాటమూ లేకుండా నన్ను తమ్ముడూ అనేది.

ఆ గదికి కిటికీ లేదు. థియేటర్ నుంచి వచ్చిన కత్తులు, కత్తెరలు, పట్టకార్లు కడిగి, ఆరబెట్టి, గుడ్డల్లో మూటలు కట్టి, ఆవిరి యంత్రంలో పేర్చి తలుపు బిగించాలి. యాభై నిమిషాలకి గంట మోగుతుంది. దాన్ని వాళ్ళు ఒక లోడు అంటారు. ఆ యాభై నిమిషాల్లో తరవాతి లోడుకి మూటలు కట్టగా పాతిక నిమిషాలు మిగుల్తాయి. ఆ పాతిక నిమిషాలే అక్క చదువు. అందుకే ఆవిడ నవలల్ని పేజీల్లో చెప్పేది కాదు. "ఇది పదకొండు లోడ్లు పట్టింది తమ్ముడూ" అనేది.

ఇంటిదగ్గర చదవడానికి లేదు. మొగుడు మూటలు మోసీ మోసీ నడుము విరగ్గొట్టుకుని ముందుగది మంచం మీద రేడియో పెట్టుకుని పడుకుంటాడు. రెండోగదిలో మామగారు తన కళ్ళజోడు తనే దాచుకుని, కోడలు పారేసిందని ఇల్లంతా అరుస్తాడు. ఉన్న ఒక్క కుర్చీలో కూతురు పరీక్షలకి చదువుతూ ఉంటుంది. వంటింటి గుమ్మంలో కూర్చుంటే అక్కడే కునుకు పడుతుంది. "ఇంట్లో నాకు కూర్చునే చోటే లేదు, ఆసుపత్రిలో స్టూలైనా ఉంది" అని నవ్వేది.

ఆవిడ విమర్శలు పుస్తకాల్లో దొరికేవి కావు. ఊరంతా ఎగబడి చదివిన ప్రేమకథ తిరిగిస్తూ, "మూడొందల పేజీల్లో ఆ పిల్ల ఒక్క గిన్నె తోమలేదు. వాళ్ళిల్లు ఎవరు ఊడ్చారో రచయితకైనా తెలుసా?" అంది. రెండు భాగాల డిటెక్టివ్ నవల గురించి అడిగితే, "ఆరు హత్యలు బాగా చేశాడు. ఆ నెత్తురంతా ఎవరు కడిగారో ఒక్క ముక్క రాయలేదు" అంది. అన్నదమ్ముల తగాదా నవలని, "పద్నాలుగు లోడ్లు కొట్టుకుని చివరి లోడులో కావిలించుకున్నారు. రాసేవాడికి ఎక్కడికో తొందరపని తగిలింది" అని కొట్టిపారేసింది. కన్నీటి నవలలంటే మాత్రం దయగా ఉండేది. "ఏడిపించాడు. మంచిదే, నాకూ ఏడవడానికి వేరే తీరిక ఎక్కడుంది?" అనేది.

ఒక్క పుస్తకం మీద మాత్రం నిజంగా కోపమొచ్చింది. కథానాయకుడు పెద్ద సర్జను. "డాక్టరు చెయ్యి చాపాడు, కత్తి వచ్చి చేతిలో వాలింది అని రాశాడు. ఎక్కణ్ణించి వాలిందయ్యా? ఆకాశంలోంచా?" అంటూ బల్లమీద పుస్తకం చరిచింది. నేను ఆ మాటలన్నీ గుర్తుపెట్టుకుని, కొంచెం మార్చి, గిరాకీలకి నా సొంత తెలివిలాగా వినిపించేవాణ్ణి. మా ఆవిడ వింటే "అరువు సొమ్ములు బరువుచేటు" అని దెప్పేది. ఆ దెప్పు నాకు ఎప్పుడూ తగల్లేదు, మొన్నటిదాకా.

మొన్న నీలం అట్ట నవల ఒకటి వచ్చింది. ఇటుకంత లావు. కొత్తగా మంచి పేరొచ్చిన పుస్తకం, నలుగురైదుగురు అడిగారు కూడా. అలవాటుగా ముందు అక్కకే ఇచ్చాను. వారం తిరక్కుండా తెచ్చి బల్లమీద పెట్టేసింది.

"ఎన్ని లోడ్లక్కా?"

"నాలుగు లోడ్లకే దించేశాను తమ్ముడూ."

ఆవిడ పుస్తకం మధ్యలో వదలడం నేను చూడటం అదే మొదటిసారి. ఎందుకని అడిగాను.

"ఇద్దరూ కిటికీలోంచి వాన చూస్తున్నారు. నాలుగు లోడ్లయినా వాన తగ్గలేదు. నాకు నిద్ర ముంచుకొచ్చింది" అంది. ఆ వారం మొగుడి నడుంనొప్పి ముదిరి, తోటి మనిషి సెలవు పెట్టి, అక్క వరసగా రెండేసి షిఫ్టులు చేస్తోంది. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. అభిప్రాయం పూర్తిగా చెప్పకుండానే వెళ్ళిపోయింది.

నాకు పెద్ద చిక్కొచ్చి పడింది. ఆ సాయంత్రం రెండు కొట్ల అవతల దర్జీ బాబాయి వచ్చి "ఆ నీలంది ఎలా ఉందిరా?" అన్నాడు. అరువు తేవడానికి మాట లేదు. "అద్భుతం బాబాయ్. పట్టుకుంటే దించలేవు" అని నా సొంతంగా ఒక అబద్ధం ఆడి పుస్తకం ఆయన చేతిలో పెట్టాను.

వారం పదిరోజులయ్యాక ఒక మధ్యాహ్నం అక్క రోడ్డు దాటి పరుగులాంటి నడకతో వచ్చింది. డ్యూటీ మధ్యలో ఆవిడ బయటికి రావడం ఎప్పుడూ లేదు. బల్ల అంచు పట్టుకుని, "ఆ నీలం పుస్తకం ఎక్కడుంది?" అంది.

నీళ్ళిచ్చాను. తాగలేదు. నిలబడే చెప్పింది.

ప్రతి లోడులోనూ సామాను మూటల మధ్య ఒక ఉత్త గుడ్డమూట పెట్టి, అందులో ఒక కాగితం చీటీ పెడతారట. దానిమీద లేతరంగు గీతలుంటాయి. ఆవిరి సరిగ్గా అందితే అవి నల్లబడతాయి. గంట మోగాక ఆ చీటీ తీసి, చూసి, దానిమీద లోడు నంబరు రాసి రిజిస్టరులో అంటించాలి. ఆ రోజు అక్క వాన నవల ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీదే కునికింది. గంటకి ఉలిక్కిపడి లేచి, చీటీ తీసి, నంబరు రాసింది. జిగురు సీసా ఎండిపోయి ఉంది. రేపు అంటించవచ్చులే అని చీటీని పుస్తకంలో పెట్టింది. రిజిస్టరులో చేతి అలవాటుకొద్దీ 'సరి' అని రాసింది. మూటలు అలమరలోకి వెళ్ళాయి. మర్నాడు సెలవు. ఆ మర్నాటికి చీటీ సంగతే మర్చిపోయింది.

"గీతలు నల్లగా ఉన్నాయా లేదా అని చూశానా, చూళ్ళేదా? ఎంత తలబాదుకున్నా గుర్తు రావడం లేదు" అంది.

ఆ లోడులోని ఒక మూట విప్పి ఒక ఇరవయ్యేళ్ళ పిల్లకి ఆపరేషన్ చేశారు. కడుపులో చిన్న ఆపరేషనే, నాలుగు రోజుల్లో ఇంటికి పోవాలి. గాయం చీము పట్టింది. కట్టు సరిగా చూసుకోలేదేమో అని ఎవరో అనేసరికి, తల్లి అదే పట్టుకుంది. కట్టు తడిపావు, గోకావు, చెప్పినమాట వినవు అని వారం రోజులుగా ఆ పిల్లని పొడుస్తూనే ఉంది. అక్క వార్డు దగ్గర మూటలు దించుతూ ఆ మాటలు చెవులారా విన్నది. ఆ రోజు ఉదయం పెద్ద నర్సు పాత రిజిస్టరు తిరగేస్తే ఆ లోడు పక్కన చీటీ అంటించే చోటు ఖాళీగా కనబడింది.

"పెద్ద నర్సు మంచిదే తమ్ముడూ. తలుపు దగ్గరికి వేసి, ఇంకో లోడు చీటీమీద ఈ నంబరు రాసి అంటించెయ్యి, ఇక్కడితో పోతుంది అంది. నీకు ముగ్గురున్నారు ఇంట్లో అంది."

"మరి అంటించెయ్యక్కా" అన్నాను. నేను అంతకన్నా గొప్పవాణ్ణేం కాదు.

"అంటిస్తే రిజిస్టరు నిండుతుంది. నాకు తెలియొద్దూ, అది నావల్లో కాదో? అది తెలియకుండా ఇంక ఆ స్టూలు మీద ఎలా కూర్చోను?"

ఇద్దరం దర్జీ బాబాయి కొట్టుకి వెళ్ళాం. పదిరోజులపాటు ఒక మనిషి చదివిన పుస్తకంలో కాగితం ముక్క ఉంటుందా? తీసి పారేసి ఉంటాడు. పారేసి ఉంటే బాగుండునని కూడా ఒక క్షణం అనిపించింది.

"ఆ నవలా? నిన్ననే అయిపోయింది. అద్భుతం. నువ్వన్నట్టే, పట్టుకుంటే దించలేకపోయాననుకో" అన్నాడు బాబాయి, ఇస్త్రీబల్ల కింద వెతుకుతూ.

"అందులో ఒక చీటీ ఉండాలి బాబాయ్. తీసి పారేశావా?"

"చీటీయా? నాకేం కనబళ్ళేదే! ప్రతి పేజీ చదివాను. మధ్యలో ఏమైనా ఉంటే చూడనూ?" గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అడక్కుండానే ప్రతి పేజీ అన్నాడు.

పుస్తకం బల్ల కాలు కింద ఎత్తుకి పెట్టి ఉంది. లాగి ఇచ్చాడు. అక్క తెరిచింది. డెబ్భై ఎనిమిదో పేజీ దగ్గర చీటీ చెక్కుచెదరకుండా ఉంది. దాని తరవాతి కాగితాలు కొత్తగా వచ్చినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. బాబాయి సూదిలో దారం ఎక్కించడంలో మునిగిపోయాడు. నాకు మాత్రం ఆయన్ని ఏమీ అనబుద్ధి కాలేదు. చదవనివాడు చదవనివాడికి పొగిడి ఇచ్చిన పుస్తకం అది. మా ఆవిడ దెప్పు అప్పుడు తగిలింది.

అక్క చీటీని వెలుతురులోకి తిప్పింది. చాలాసేపు చూసింది. తరవాత నాకు చూపించింది, తన కళ్ళమీద నమ్మకం లేనట్టు.

గీతలు నల్లబడలేదు. పలచటి బూడిదరంగులో ఉన్నాయి.

"అక్కా, దొరకలేదని చెప్పు. నేను చూశానని ఎవరికీ చెప్పను. ఇదిగో, బాబాయీ చెప్పడు" అన్నాను.

"ఆ లోడులో ఎనిమిది మూటలు తమ్ముడూ. ఒకటే వాడారు. ఇంకా ఏడు అలమరలో ఉన్నాయి" అని చీటీని రుమాల్లో చుట్టుకుంది. ఆ తరవాత, "నువ్వు కాస్త తోడు రా" అంది.

పెద్ద నర్సు చీటీ చూసి తలపట్టుకుంది. గంటలో యంత్రం ఆపేశారు. తలుపు చుట్టూ ఉండే రబ్బరు ఒకచోట పగిలిందని, ఒక లోడుకి ఆవిరి నిలిచి ఒక లోడుకి నిలవడం లేదని మెకానిక్కు తేల్చాడు. అలమరలోని ఏడు మూటలూ దించేశారు. వాటిలో రెండు మర్నాటి ఆపరేషన్లకి తీసిపెట్టినవి. అక్కచేత కాగితం మీద సంతకం పెట్టించుకుని, విచారణ తేలేదాకా పనిలోకి రావద్దన్నారు. వరండాలోకి వచ్చాక ఇంటికి దింపుతానన్నాను.

"ఇంకో చోటికి వెళ్ళాలి" అంది.

ఆ వార్డులో ఆరు మంచాలు. మూడో మంచం మీద పిల్ల గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తల్లి స్టూలు మీద కూర్చుని కమలాపండు ఒలుస్తూ, ఎవరు విన్నా వినకపోయినా సాగదీస్తోంది. "చేతులు ఊరికే ఉంచుకోవే అంటే వింటేగా. నీ పక్క మంచాలవాళ్ళు ఇద్దరూ ఇంటికి పోయారు. మనమే ఇక్కడ పడున్నాం." పిల్ల బదులు చెప్పలేదు. చెప్పీ చెప్పీ మానేసిందని చూస్తేనే తెలుస్తోంది.

అక్క మంచం కాళ్ళవైపు నిలబడింది.

"అమ్మా, మీ పాప తప్పేం లేదు" అంది. "ఆ రోజు ఆపరేషన్ సామాను శుద్ధి చేసింది నేను. సరిగా అయిందో లేదో చూడాల్సిన చీటీ నేను చూడకుండానే అయిందని రాశాను. ఇవాళ చూశాను. కాలేదు. గాయం అందువల్లే చీము పట్టి ఉంటుంది."

తల్లి చేతులు ఆగిపోయాయి. ఇప్పుడు లేస్తుంది, జుట్టు పట్టుకుంటుంది, వార్డంతా పోగవుతుంది అనుకుని నేను అక్కకి అడ్డంగా జరిగాను. తల్లి అక్కవైపు చూడనుకూడా లేదు. పిల్ల గోడవైపు నుంచి మెల్లగా ఇటు తిరిగి, తల్లి ముఖంకేసి చూస్తూ ఉంది. పండు ఆవిడ ఒళ్ళోంచి జారి మంచం కిందికి దొర్లింది.

"వారం రోజులుగా నెత్తీనోరూ కొట్టుకుని చెప్పావు కదే" అంది తల్లి. "ఒక్కసారైనా నమ్మలేదే నిన్ను."

పిల్ల పసిదానిలా నోరు తెరిచి ఏడ్చింది. తల్లి దానిమీదికి వంగిపోయింది. అక్కని ఎవరూ తిట్టలేదు, కూర్చోమనీ అనలేదు. మంచం పట్టీ పట్టుకుని అలాగే నిలబడి ఉంది, వాళ్ళిద్దరి ఏడుపూ అయ్యేదాకా.